ఇంట్లో మీడియా సర్వర్ ర్యాక్: కట్టడం ఎలా? నలుగురికీ చూపించడం ఎలా?

సినిమాలు, పాటలు, ఇంటి ఫోటోలు అన్నీ ఒకచోట పెట్టుకుని టీవీలోనూ ఫోన్‌లోనూ చూసుకోవడానికి, అంటే మీడియా సర్వర్‌కి, ర్యాక్ (పరికరాల్ని ఒకదాని మీద ఒకటి బిగించే ఇనుప చట్రం) అక్కర్లేదు. ఒక పాత కంప్యూటర్, ఒక పెద్ద హార్డ్ డిస్క్ చాలు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ర్యాక్ ఇంటికి రాగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘ఇది అవసరమా?’ అన్నదే. రౌటర్, స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టె), సర్వర్, యూపీఎస్, వాటి అడాప్టర్లు అన్నీ కలిసి టీవీ వెనక పక్షిగూడులా అల్లుకుపోయినప్పుడు ర్యాక్ మీదికి మనసు పోతుంది. చూడ్డానికి బాగుంటుందన్నది ఇంకో కారణం. ఒప్పుకోవడానికి మొహమాటం ఎందుకు?

అయితే ర్యాక్ బాగుందో లేదో ముందు నుంచి చూసి చెప్పలేం. వెనక్కి వెళ్లి చూడాలి. ఏ ఒక్క పెట్టెనైనా, మిగతా వాటిని ముట్టుకోకుండా బయటికి లాగగలిగితే అది మంచి ర్యాక్. కింద చెప్పే పనులన్నీ దీనికోసమే.

కొనకముందు టేపు పట్టుకోండి

ర్యాక్ వెడల్పుకి ప్రమాణం ఉంది: 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు. ఇది పరికరం ముందు పలక వెడల్పు, బోల్టులు బిగించే రెండు చెవులతో కలిపి. ఎత్తుకీ ప్రమాణం ఉంది. దాన్ని ‘యూ’లలో కొలుస్తారు, 1యూ అంటే 44.45 మిల్లీమీటర్లు. 12యూ ర్యాక్ అంటే లోపల దాదాపు 53 సెంటీమీటర్ల చోటు, బయటి కొలత ఇంకొంచెం ఎక్కువ.

లోతుకి మాత్రం అలాంటి ఒక్క లెక్క లేదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. నేనూ వేశాను. గోడకి తగిలించే 450 మిల్లీమీటర్ల లోతు క్యాబినెట్ కొన్నాను, నెల తర్వాత 4యూ సర్వర్ కేస్ తెప్పించాను. కేస్ లోపలికి వెళ్లింది, వెనక పలక బయటే ఉండిపోయింది. అలాంటి క్యాబినెట్లు స్విచ్‌ల కోసం చేసినవి, సర్వర్ల కోసం కాదు. అందుకే ముందు కేస్ ఎంచుకుని, దాని లోతుకి ఇంకో 8 నుంచి 10 సెంటీమీటర్లు కలిపి, ఆ తర్వాతే ర్యాక్ చూడండి. ప్లగ్గులు, కేబుళ్లు వంపు తిరగడానికి వెనక ఆ చోటు కావాలి. మినీ పీసీ, చిన్న స్విచ్ మాత్రమే పెట్టేవాళ్లకి 10 అంగుళాల బుల్లి ర్యాక్‌లు కూడా ఉన్నాయి, బల్ల మీదే పట్టేస్తాయి.

ఇప్పుడు కాగితం తీసుకుని పన్నెండు గళ్లు గీయండి. అన్నిటికన్నా కింద యూపీఎస్‌కి 2 గళ్లు, దాని మీద సర్వర్‌కి 4, గాలికి ఖాళీగా 1, రౌటర్ లాంటివి పెట్టే అరకి 2, స్విచ్‌కి 1, గదుల కేబుళ్లు వచ్చి చేరే ప్యాచ్ ప్యానెల్‌కి 1. ఇంకొకటి మిగులుతుంది. అది మిగలాలి, ఎందుకంటే ఆరు నెలల్లో ఏదో ఒకటి కొంటారు. బరువైనవి కింద ఉండాలన్నది మాత్రం మార్చకండి. పైన బరువు పెడితే సర్వర్‌ని ముందుకి లాగినప్పుడు ర్యాక్ మొత్తం మీదికి ఒరుగుతుంది.

చోటు గురించి ఒక్క మాట: మూసేసిన అల్మారా, పడకగది, రెండూ వద్దు. వెనక మనిషి చెయ్యి దూరేంత సందు ఉండాలి. చక్రాలున్న ర్యాక్ అయితే ఆ బాధ కూడా తగ్గుతుంది.

లోపలికి ఏ సర్వర్?

డేటా సెంటర్లలో వాడి తీసేసిన 1యూ సర్వర్లు చౌకగా దొరుకుతాయి, ఫోటోలో అదిరిపోతాయి. కొనకండి. అంత సన్నని పెట్టెలో పట్టేది 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లే. అవి గాలి తోయాలంటే విపరీతమైన వేగంతో తిరగాలి, ఆ ఈల పక్క గదిలోకీ వినిపిస్తుంది. 4యూ కేస్‌లో 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పడతాయి, మామూలు మదర్‌బోర్డు పడుతుంది, డిస్కులు వరసగా కూర్చుంటాయి, పైగా నిశ్శబ్దం. నా లెక్కలో ఇంటి ర్యాక్‌కి అన్నిటికన్నా గొప్ప అలంకారం నిశ్శబ్దమే.

ప్రాసెసర్ ఎంచుకునే ముందు ఒక సంగతి తెలియాలి. టీవీ ఆ ఫైల్‌ని ఉన్నదున్నట్టు ఆడించగలిగితే సర్వర్‌కి పని దాదాపు ఉండదు, ఫైల్ పంపడమే. ఆడించలేకపోతే సర్వర్ అప్పటికప్పుడు వీడియోని వేరే రూపంలోకి మార్చి పంపాలి. దీన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. ఇది ప్రాసెసర్ ఒక్కదానితో చేయిస్తే 4కె సినిమా ఒకటి నడిచేసరికే చెమటలు పడతాయి. ఇంటెల్ చిప్పుల్లో 2011 నుంచి వస్తున్న క్విక్ సింక్ అనే భాగం ఈ పనికోసమే ఉంది. 4కె సినిమాలు ఎక్కువగా వచ్చే 10 బిట్ హెచ్‌ఈవీసీ రకం వీడియోలకి ఇంటెల్ ఏడో తరం లేదా ఆ తర్వాతిది తీసుకోండి. పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉన్న మోడళ్లు మాత్రం వద్దు. వాటిలో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి క్విక్ సింక్ కూడా ఉండదు. ఒకటి రెండు టీవీలున్న ఇంటికి ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న చిప్ కూడా చాలు. మెమొరీ 8 జీబీతో నడుస్తుంది, 16 ఉంటే హాయి.

డిస్కుల దగ్గర పొదుపు చేయకండి. సీఎంఆర్ రకమా, ఎస్ఎంఆర్ రకమా అని మోడల్ నంబరు పట్టుకుని చూడండి. ఎస్ఎంఆర్ డిస్క్‌లో రాత వరసలు ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి, ఇంటి పెంకుల్లా; సీఎంఆర్‌లో విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో ఒక వరస మార్చాలంటే పక్క వరసలు కూడా తిరగరాయాలి. సినిమాలు చూడ్డానికి తేడా తెలియదు కానీ, రెయిడ్‌లో (ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా కొన్ని డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి) పాడైన డిస్క్ మార్చి మళ్లీ నింపేటప్పుడు రోజుల తరబడి సాగుతుంది. ఆ సాగతీతలోనే రెండో డిస్క్ కూడా పోతే గోరుచుట్టు మీద రోకటి పోటు.

కొత్త డిస్క్ రాగానే డేటా ఎక్కించేయకండి. ముందు స్మార్ట్ లాంగ్ టెస్ట్ (డిస్క్ తనని తాను మొత్తం పరీక్షించుకోవడం) పెట్టండి. 8 టీబీ డిస్క్‌కి అది పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టొచ్చు, పట్టనివ్వండి. నాలుగు 8 టీబీ డిస్కులు పెట్టి ఒక డిస్క్ పోయినా తట్టుకునేలా అమర్చితే వాడుకోవడానికి 24 టీబీ మిగులుతుంది. కొన్ని సిస్టమ్‌లు దాన్ని దాదాపు 21.8 అని చూపిస్తాయి. మోసం కాదు, వెయ్యితో లెక్కపెట్టడానికీ 1024తో లెక్కపెట్టడానికీ ఉన్న తేడా.

రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానేయొద్దు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ అంతే నమ్మకంగా అన్ని డిస్కుల్లోంచీ తుడిచేస్తుంది. సినిమాలు పోతే మళ్లీ డీవీడీ, బ్లూరే డిస్కుల నుంచి ఎక్కించుకోవచ్చు. పిల్లల ఫోటోలు అలా కాదు, వాటి కాపీ ఇంకో డిస్క్‌లో, వీలైతే ఇంకో ఇంట్లో ఉండాలి.

నట్లు, బోల్టులు, వేళ్ల గాయాలు

ర్యాక్ స్తంభాల మీద చదరపు రంధ్రాలుంటాయి. ప్రతి యూకి మూడు. జాగ్రత్తగా చూస్తే వాటి మధ్య దూరాలు సమానంగా ఉండవు: 15.9, 15.9, 12.7 మిల్లీమీటర్లు, మళ్లీ మొదటి నుంచి. ఆ దగ్గరగా ఉన్న రెండు రంధ్రాల మధ్యలోనే ఒక యూ ముగిసి ఇంకోటి మొదలవుతుంది. ఇది తెలియక ఒక రంధ్రం పైకో కిందకో బిగిస్తే, పై పెట్టె అర అంగుళం తేడాతో పట్టకుండా పోతుంది. అప్పుడు మొత్తం విప్పాలి.

ఆ రంధ్రాల్లో పెట్టేవి కేజ్ నట్లు. వాటిని వేళ్లతోనో స్క్రూడ్రైవర్‌తోనో దూర్చే ప్రయత్నం చేయకండి, చర్మం లేచిపోతుంది. వాటికని ఒక చిన్న కొక్కెం లాంటి పనిముట్టు వస్తుంది. నట్టు రెక్కలు కుడి ఎడమలకి పట్టేలా పెట్టండి. ఎక్కువ ర్యాక్‌లకి ఎమ్6 బోల్టులు సరిపోతాయి, కొన్నిటికి ఎమ్5 కావాలి. కలిపేయకండి.

డిస్కులు నింపిన 4యూ కేస్ ఇరవై కిలోలు తూగడం మామూలే. ముందు చెవుల రెండు బోల్టుల మీద దాన్ని వేలాడదీస్తే చెవులు వంగిపోతాయి. కింద రైల్ గానీ, నాలుగు వైపులా బిగించిన అర గానీ ఉండాలి. ఎక్కించేటప్పుడు డిస్కులు తీసేసి, యూపీఎస్‌లోంచి బ్యాటరీ తీసేసి, ఇంకో మనిషి సాయంతో ఎత్తండి.

కేబుళ్లు: సగం అందం ఇక్కడే

గదుల నుంచి వచ్చే కేబుళ్లన్నీ ప్యాచ్ ప్యానెల్ వెనక ఆగిపోవాలి. అక్కడి నుంచి స్విచ్‌కి ముందువైపు 15 నుంచి 30 సెంటీమీటర్ల పొట్టి కేబుళ్లు. ప్యానెల్, స్విచ్ ఒకదాని కింద ఒకటి ఉంటే ఆ పొట్టి కేబుళ్లు దువ్విన జడలా దిగుతాయి. ఫోటోల్లో మనం నోరెళ్లబెట్టి చూసేది ఈ రెండు గళ్లనే.

కేబుల్ కొసకి కనెక్టర్ మీరే వేస్తుంటే 568బీ అనే తీగల రంగుల వరస ఇది: నారింజ చారల తెలుపు, నారింజ, ఆకుపచ్చ చారల తెలుపు, నీలం, నీలి చారల తెలుపు, ఆకుపచ్చ, గోధుమ చారల తెలుపు, గోధుమ. రెండు కొసల్లోనూ ఒకే వరస ఉండాలి. క్యాట్6 కేబుల్ గిగాబిట్ వేగంతో 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, కాబట్టి ఇంటికి అంతకన్నా ఖరీదైనది అక్కర్లేదు. రాగి పూసిన అల్యూమినియం తీగ మాత్రం తీసుకోకండి, స్వచ్ఛమైన రాగి అని రాసి ఉందో లేదో చూడండి.

వెనకవైపు కరెంటు తీగలు ఒక స్తంభం వెంట, డేటా కేబుళ్లు రెండో స్తంభం వెంట దించండి. ప్లాస్టిక్ జిప్ టైలు వద్దు. బిగిస్తే కేబుల్ నలుగుతుంది, కోయాలంటే కత్తెర పక్క కేబుల్‌ని కూడా కోస్తుంది. వెల్క్రో పట్టీలు వాడండి. సర్వర్‌కి వెళ్లే తీగల్ని మరీ సరిగ్గా కత్తిరించకుండా, పెట్టె ముందుకి లాగినా ఊడిపోనంత వదులు ఉంచండి. ప్రతి కేబుల్‌కీ రెండు కొసల్లోనూ పేరు అంటించండి. ఇప్పుడు గుర్తుంటుందిలే అనిపిస్తుంది. ఉండదు.

అసలు శత్రువులు అడాప్టర్లు. రౌటర్‌కొకటి, మోడెమ్‌కొకటి, ఇటుకల్లా వేలాడుతుంటాయి. వాటిని అర వెనకభాగంలో వెల్క్రోతో పడుకోబెట్టి ముందు ఖాళీ పలక బిగించండి. ఖాళీ గళ్లకి వేసే ఆ పలకలు అందానికే కాదు, వెనక నుంచి వేడిగాలి మళ్లీ ముందుకి చుట్టుకు రాకుండా కూడా ఆపుతాయి.

కరెంటు లెక్క

రోజంతా నడిచే పెట్టె ఇది. సగటున 60 వాట్లు లాగితే రోజుకి 1.44 యూనిట్లు, ఏడాదికి 525 పైనే. ప్లగ్గుకి పెట్టే మీటర్‌తో కొలిచి చూసుకోండి, ఊహలు వద్దు. స్విచ్ వేసిన క్షణంలో ఒక్కో పెద్ద డిస్క్ తిరగడం మొదలుపెట్టడానికి 20 వాట్లకి పైగా అడగొచ్చు కాబట్టి సర్వర్ పవర్ సప్లైలో ఆ మేరకు వెసులుబాటు ఉంచండి.

యూపీఎస్ మీద పెద్దగా రాసేది వీఏ అంకె. మీరు చూడాల్సింది దాని పక్కన చిన్నగా ఉండే వాట్ల అంకె. గంటల తరబడి సినిమా చూడ్డానికి కాదు యూపీఎస్. సర్వర్ మర్యాదగా ఆగిపోవడానికి. యూఎస్‌బీ తీగతో కలిపి, నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెడితే బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తనే ఆగుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తాయి. తేదీ రాసి అంటించండి.

సాఫ్ట్‌వేర్

సర్వర్‌లోని సినిమాల్ని టీవీకి పంపే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంటుంది. 2018 డిసెంబరులో ఎంబీ అనే ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి పుట్టింది. అదే పని చేసే ప్లెక్స్‌తో టీవీలో పెట్టుకోవడం తేలిక, కానీ కొన్ని సౌకర్యాలకి డబ్బు కట్టాలి. ఏదైనా సరే, ప్రతి సినిమాకి ఒక ఫోల్డర్, ఫోల్డర్ పేరులో సినిమా పేరు, పక్కన బ్రాకెట్లలో విడుదలైన సంవత్సరం ఉంటే పోస్టర్లు తప్పుల్లేకుండా వస్తాయి. సర్వర్‌కి రౌటర్‌లో స్థిరమైన ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) కేటాయించండి. బయటి నుంచి చూడాలంటే రౌటర్‌లో పోర్టులు (బయటి నుంచి లోపలికి వచ్చే దారులు) బార్లా తెరవకుండా వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్, అంటే మీకు మాత్రమే తెరుచుకునే గుట్టు దారి, వాడండి.

ఇంకో చిక్కు. 4కె బ్లూరే డిస్క్ వేగం కొన్నిచోట్ల సెకనుకి 128 మెగాబిట్ల దాకా వెళ్లొచ్చు. చాలా టీవీల నెట్‌వర్క్ పోర్టు 100 మెగాబిట్లే. కేబుల్ పెట్టినా సినిమా ఆగి ఆగి వస్తోందంటే సర్వర్‌ని తిట్టకండి, టీవీని వైఫైకి మార్చి చూడండి.

ఇక చూపించడం

రంగులు మారే లైట్లు మొదటి వారం బాగుంటాయి. తర్వాత కళ్లు లాగుతాయి. 3000 కెల్విన్ దగ్గర ఉండే వెచ్చని తెల్ల ఎల్ఈడీ పట్టీని ముందు స్తంభాల లోపలివైపు, బల్బులు నేరుగా కనబడకుండా అంటించండి. వెలుగు పెట్టెల మీద పడాలి, మన కళ్లలో కాదు.

ఫోటోకి ముందు వేలిముద్రలు తుడవండి. నల్ల పలకల మీద అవి భలే కనిపిస్తాయి. గది లైట్లు సగం తగ్గించి, కెమెరాని ర్యాక్ మధ్య ఎత్తులో పెట్టి, వెనక్కి జరిగి జూమ్ చేయండి. దగ్గర నుంచి తీస్తే స్తంభాలు ఉబ్బినట్టు వస్తాయి. ఎల్ఈడీ వెలుగులో ఫోటోకి అడ్డ చారలు పడుతుంటే షట్టర్ వేగం సెకనులో యాభయ్యో వంతుకో అరవయ్యో వంతుకో తగ్గించండి. వెనకవైపు కూడా ఒకటి తీసి పెట్టండి. తెలిసినవాళ్లు అదే అడుగుతారు.

పంపే ముందు ఫోటోని పెద్దది చేసి మూలమూలా చూడండి. రౌటర్ స్టిక్కర్ మీద వైఫై పాస్‌వర్డ్, డిస్కుల సీరియల్ నంబర్లు, క్యూఆర్ కోడ్‌లు, తెర మీద ఇంటి ఐపీ అడ్రస్, ఇవన్నీ కనిపిస్తుంటాయి. ఫోటో ఫైల్‌లో దాగి ఉండే లొకేషన్ వివరాలు కూడా తీసేయండి.

ఇంటికొచ్చినవాళ్లకి చూపించాలంటే మంచి చిట్కా ఒకటుంది. టీవీలో సినిమా నడుస్తుండగా యూపీఎస్‌కి వెళ్లే గోడ స్విచ్ ఆపండి. ప్లగ్గు పీకకండి, ఎర్త్ తెగిపోతుంది. సినిమా ఆగదు, యూపీఎస్ బీప్‌మంటుంది, అందరూ ఒక్కసారి ర్యాక్ వైపు చూస్తారు. రెండు నిమిషాల్లో స్విచ్ మళ్లీ వేసేయండి. అయితే ముందురోజు మీరొక్కరే ఉన్నప్పుడు ఓసారి చేసి చూసుకోండి. నేను చూసుకోలేదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందని పదిమంది ముందు తెలిసింది.