చిన్న ఊళ్లో ఇల్లు కట్టాలంటే: మున్సిపల్ అనుమతికి దరఖాస్తు విధానం

తెలంగాణలోని ఒక చిన్న మున్సిపాలిటీలో 150 గజాల ప్లాటు కొన్నారు. అందులో సొంతిల్లు కట్టుకోవాలి. ఊరు జనగామ కావచ్చు, వనపర్తి కావచ్చు, హుజూరాబాద్ కావచ్చు, దరఖాస్తు చేసే పద్ధతి ఒకటే. పెద్ద అపార్ట్‌మెంట్ల సంగతి వేరు. ఇక్కడ రాసేదంతా ఒక కుటుంబం తన కోసం కట్టుకునే ఇంటి గురించే.

ముందు ఒక మార్పు గురించి చెప్పాలి. 2020లో తెలంగాణ ప్రభుత్వం ఆన్‌లైన్‌లో ఇంటి అనుమతులిచ్చే టీఎస్-బీపాస్ చట్టం తెచ్చింది. అప్పటి నుంచి చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ పద్ధతి వచ్చింది. స్థలం నాదే, కొలతలు ఇవే, నిబంధనల ప్రకారమే కడతాను అని యజమాని తానే రాసి ఇస్తే, ఫీజు కట్టగానే అనుమతి పత్రం చేతికొస్తుంది. తర్వాత దాని పేరు టీజీ-బీపాస్ అయింది. 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త పోర్టల్ కూడా వచ్చింది. అందుకే మీ దరఖాస్తు ఏ పోర్టల్‌లో వేయాలో మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో ముందే అడగండి. పోర్టల్ ఏదైనా, ఇచ్చిన వివరాలకు పూచీ మాత్రం యజమానిదే. గతంలో ఫైలు చూసి అధికారి పట్టుకునే తప్పును ఇప్పుడు మీరే ముందు పట్టుకోవాలి. చాలామంది ఇది గమనించడం లేదు. అనుమతి వచ్చిందన్న ధైర్యంతో పునాది తీసి, ఆ తర్వాత ఇబ్బంది పడుతున్నారు.

మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుంది?

75 గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు లోపు, అంటే గ్రౌండ్ ఫ్లోర్ మీద ఇంకొక అంతస్తు వరకు కట్టుకుంటే అనుమతి అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు, దానికి నామమాత్రంగా 1 రూపాయి. 75 గజాలు దాటి 600 గజాల వరకు, అంటే సుమారు 500 చదరపు మీటర్ల వరకు, ఎత్తు 10 మీటర్ల లోపు ఉంటే తక్షణ అనుమతి. మన 150 గజాల ఇల్లు ఇందులోకే వస్తుంది. అంతకు మించితే సింగిల్ విండో. దానికి 21 రోజుల గడువుంది, ఆ లోపు ఏమీ తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క.

అనుమతి అక్కర్లేదన్నారు కదా అని చెరువు శిఖంలోనో ప్రభుత్వ భూమిలోనో 75 గజాల్లో గోడ లేపితే ఆ నమోదు కాగితం కాపాడదు. ఈ మాట ప్రత్యేకంగా రాయడానికి కారణముంది. ఎక్కువగా మోసపోయేది చిన్న ప్లాట్లు కొనుక్కున్న పేదవాళ్లే.

దరఖాస్తుకు ముందు టేపు పట్టుకోండి

నా లెక్కలో మొత్తం ప్రక్రియలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. దస్తావేజులో 27 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు అని ఉంటుంది, లెక్క వేస్తే సరిగ్గా 150 గజాలు. స్థలం మీదికెళ్లి కొలిస్తే వెనక వైపు 26 అడుగులే రావచ్చు. పక్కింటి ప్రహరీ అరడుగు లోపలికి జరిగి ఉండొచ్చు, లేదా వెంచర్ వేసినప్పుడే రాళ్లు తప్పు పాతి ఉండొచ్చు. నాలుగు వైపులా కొలవండి, ఒక మూల నుంచి ఎదురు మూలకు కూడా కొలవండి. మూలమట్టం తప్పిన ప్లాటు ఆ ఐమూల కొలతలోనే బయటపడుతుంది. దస్తావేజు కొలత, నేల మీది కొలత రెండిట్లో ఏది తక్కువైతే దాని మీదే ప్లాన్ గీయించండి. చెక్కుబందీలో రాసిన నాలుగు హద్దులూ ఇప్పటి ఇరుగుపొరుగుతో సరిపోతున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇక రోడ్డు. 30 అడుగుల కంటే ఇరుకుగా ఉన్న వీధిలో రోడ్డు మధ్య నుంచి కొలిచి, కావాల్సిన వెడల్పులో మీ వైపు వాటా వదలాలి. సెట్‌బ్యాక్ అంటే గోడకూ స్థలం హద్దుకూ మధ్య వదలాల్సిన ఖాళీ. ముందు వైపు ఆ లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. పాత ఊరి వీధుల్లో ఈ ఒక్క కారణంతో మూడు నాలుగు అడుగుల స్థలం పోతుంది. కొనే ముందే చూసుకుంటే బేరం చేసుకోవడానికి వీలుంటుంది.

సెట్‌బ్యాక్ లెక్క 2012 నాటి జీవో 168 నుంచి వస్తుంది. 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి, 12 మీటర్ల లోపు రోడ్డు ఉంటే ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా 1 మీటరు చొప్పున వదలాలి. మన ప్లాటుకు వేసి చూద్దాం. వెడల్పులో రెండు పక్కలా కలిపి ఆరున్నర అడుగులు పోతే 20.5 అడుగులు మిగులుతుంది. పొడవులో ముందు 5 అడుగులు, వెనక మూడుంపావు పోతే సుమారు 41 అడుగుల 9 అంగుళాలు. అంటే 1350 చదరపు అడుగుల స్థలంలో ఒక్కో అంతస్తుకు కట్టుకోగలిగింది దాదాపు 855 చదరపు అడుగులు. పక్కవాళ్లు గోడకు గోడ ఆనించి కట్టారు కదా అని మేస్త్రీ అంటాడు. వాళ్ల ఇల్లు పంచాయతీ ఉన్నప్పుడు కట్టిందై ఉండొచ్చు, అనుమతి లేకుండా కట్టిందైనా కావచ్చు. ఆ మాట మీ ఇంటిని కాపాడదు.

మెట్లు సెట్‌బ్యాక్‌లోకి రాకూడదు. గేటు ముందు ర్యాంపు కాలువను మూసేస్తూ రోడ్డు మీదికి పోకూడదు. చిన్న ఊళ్లలో వర్షాకాలం నీళ్లు ఇళ్లలోకి రావడానికి ఇలాంటి ర్యాంపులు పెద్ద కారణం.

నీళ్లు, కరెంటు తీగలు

స్థలం చుట్టుపక్కల చెరువు, వాగు, కాలువ ఏదున్నా దూరం కొలవాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలి. వాగుకు, కాలువకు హద్దు నుంచి 9 మీటర్లు, వాన నీరు పోయే నాలాకు 2 మీటర్లు. ఎండాకాలంలో చూస్తే కుంట ఎక్కడో దూరంగా ఉన్నట్టుంటుంది. నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందన్నదే లెక్క. ఆ హద్దు మ్యాపు నీటిపారుదల శాఖ దగ్గర ఉంటుంది.

కరెంటు తీగలు ప్లాటు మీదుగా పోతుంటే ఇంకా జాగ్రత్త. 11 కేవీ లైనుకు పక్కగా 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్ల దూరం ఉండాలి. ఇళ్లకు వచ్చే మామూలు లైనుకైతే పక్కగా 1.2, నిలువుగా 2.5 మీటర్లు. గ్రౌండ్ ఫ్లోర్ వేసినప్పుడు ఎవరూ పట్టించుకోరు. పై అంతస్తు స్లాబు పోసే రోజు ఇనుప చువ్వ పైకెత్తినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. లైను మార్పించాలంటే పని మొదలుపెట్టకముందే విద్యుత్ సంస్థకు దరఖాస్తు చేసి ఖర్చు కట్టాలి.

కాగితాలు, ఫీజులు

రిజిస్టర్డ్ సేల్ డీడ్, దాని లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు యజమానుల దస్తావేజులు), ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), ఖాళీ స్థలం పన్ను రసీదు, లేఅవుట్ కాపీ లేదా ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ ప్లాట్ల క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్స్, ఆధార్, స్థలం ఫొటోలు సిద్ధం పెట్టుకోండి. వ్యవసాయ భూమిలోంచి వచ్చిన ప్లాటైతే నాలా కన్వర్షన్ కాగితం, అంటే ఆ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చిన పత్రం కూడా కావాలి. ఈసీలో మీ పేరు చివరి వరుసలో ఉందో లేదో, మధ్యలో ఏదైనా తనఖా మిగిలిపోయిందో చూడండి. సర్వే నంబరు ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా ఉంటే దరఖాస్తు చేయకముందే సరిదిద్దించుకోవాలి. 2018లో చాలా పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిశాయి. ఆ పాత ఊళ్లలో గ్రామకంఠం (ఊరి పాత నివాస స్థలం) ఇళ్లకు చాలావరకు రిజిస్టర్డ్ డీడ్ ఉండదు. అలాంటివాళ్లు తమ దగ్గరున్న ఇంటి పన్ను రికార్డులతో టౌన్ ప్లానింగ్ విభాగాన్ని కలిసి, ఏ పత్రం చెల్లుతుందో తెలుసుకున్నాకే ముందుకెళ్లాలి.

ప్లాన్ గీయాల్సింది లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్. మున్సిపాలిటీ దగ్గర వాళ్ల జాబితా ఉంటుంది. ఆయన గీసిన బొమ్మ మీకు అర్థం కాకపోతే సంతకం పెట్టకండి. కింద సంతకం మీది, పూచీ కూడా మీది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో సొంతంగా చేయొచ్చు, మీసేవలోనూ చేయించొచ్చు. ఎవరు చేసినా ఫోన్ నంబర్ మాత్రం మీదే ఇవ్వండి. గల్ఫ్‌లో ఉంటూ తమ్ముడి చేతో బావమరిది చేతో ఇల్లు కట్టించుకునేవాళ్లు కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు చాలామంది. పని త్వరగా కావాలని మధ్యవర్తి నంబర్ ఇచ్చేస్తే, ఓటీపీ, నోటీసు, లోపాల మెసేజ్ అన్నీ అతనికే పోతాయి. ఇంటి యజమానికి ఏమీ తెలియదు.

ఫీజుల్లో పర్మిట్ ఫీజు, డెవలప్‌మెంట్ చార్జీలు, బెటర్‌మెంట్ చార్జీలు వంటివి ఉంటాయి. లేఅవుట్ అనుమతి లేని ప్లాటైతే, ఎల్ఆర్ఎస్ కూడా కాకపోతే, లేఅవుట్‌లో వదలాల్సిన ఖాళీ జాగా కింద స్థలం విలువలో 14 శాతం అదనంగా పడుతుంది. బడ్జెట్ తలకిందులయ్యేది ఇక్కడే. నిర్మాణ ఖర్చు నిర్ణీత పరిమితి దాటితే కార్మిక సెస్సు కూడా ఉంటుంది. స్థలం 200 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 7 మీటర్లు దాటినా కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. డబ్బులన్నీ ఆన్‌లైన్‌లోనే కట్టండి, ప్రతి రసీదూ దాచుకోండి.

అనుమతి వచ్చాక

ప్రొసీడింగ్స్ కాపీ చేతికొచ్చాక 21 రోజుల్లోపు తనిఖీ బృందం స్థలం చూస్తుంది. తప్పుడు వివరాలిచ్చినట్టు తేలితే అనుమతి రద్దవుతుంది, కట్టినదాన్ని నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా చట్టంలో ఉంది. ఈ తనిఖీ పూర్తయ్యేదాకా పునాది తీయకుండా ఆగమని నా సలహా. ముహూర్తం ఉందంటే శంకుస్థాపన చేసుకోండి, జేసీబీని మాత్రం ఆపండి.

ముగ్గు పోసే రోజు ప్లాన్ కాపీ చేతిలో పెట్టుకుని మీరే పక్కన నిలబడండి. పిల్లర్ సెంటర్ నుంచి కొలిచి సెట్‌బ్యాక్ వదిలితే గోడ మందం, ప్లాస్టరింగ్, టైల్స్ కలిసి ఐదారు అంగుళాలు బయటికి వచ్చేస్తుంది. సెట్‌బ్యాక్‌లో 10 శాతం లోపు తేడాకే జరిమానాతో దారి ఉంది. 1 మీటరులో 10 శాతం అంటే 4 అంగుళాలు. కాబట్టి పూర్తయిన గోడ బయటి అంచు నుంచే లెక్క వేయించండి.

గదుల కొలతలకు జాతీయ భవన నియమావళి ఆధారం. పెద్ద గది కనీసం 9.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు ఉండాలి. వంటగది 5 చదరపు మీటర్లు, గది ఎత్తు 2.75 మీటర్లు. మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకూడదు, అడుగు వేసే చోటు 25కు తగ్గకూడదు. స్థలం కలిసొస్తుందని నిటారు మెట్లు కట్టిస్తే ఇంట్లో పెద్దవాళ్లు పైకి ఎక్కడమే మానేస్తారు.

కాంక్రీటు విషయంలో ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీకి కనీసం ఎం20 గ్రేడు. పిల్లర్‌లో చువ్వల మీద 40 మిల్లీమీటర్లు, ఫుటింగ్‌లో 50, స్లాబులో 20 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. దీనికోసం చువ్వల కింద కవర్ బ్లాకులు పెడతారు. చాలాచోట్ల వాటి బదులు చేతికందిన కంకర రాయి దూరుస్తారు. వైబ్రేటర్ పెట్టగానే ఆ రాయి జారి చువ్వ సెంట్రింగ్ షీటు మీద కూర్చుంటుంది. కొన్నేళ్లకు స్లాబు అడుగున తుప్పు పట్టి పెచ్చులూడేది ఇలాంటి చోట్లే. కవర్ బ్లాకుల ఖర్చు మొత్తం ఇంటి ఖర్చులో లెక్కకు రాదు, స్లాబు పోసేముందు పైకెక్కి స్వయంగా చూడండి. కాంక్రీటును మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీ సిమెంటైతే 10 రోజులు నీళ్లతో తడపాలి.

ఇంకుడు గుంతను చివరికి వాయిదా వేయకండి. ప్రహరీ లేచాక జేసీబీ లోపలికి రాదు.

ఇల్లు పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు అదే పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. టెక్నికల్ పర్సన్ ధ్రువీకరణ, నాలుగు వైపులా సెట్‌బ్యాక్ కనిపించే ఫొటోలు జతచేయాలి. గృహప్రవేశం అయిపోయింది కదా అని దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. తనఖా పెట్టిన 10 శాతం విడిపించుకోవాలంటే ఇది కావాలి, రేపు ఇల్లు అమ్మాలన్నా బ్యాంకు మొదట అడిగేది ఇదే. సర్టిఫికెట్ రాగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రద్దు చేయించి, కొత్తగా ఈసీ తీసి అందులో ఆ రద్దు నమోదైందో లేదో చూసుకోండి.