మాంగాను, దాని అనిమేను పోల్చి చూడటం ఎలా? ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ ఉదాహరణగా

“అనిమే కంటే మాంగానే బాగుంది” అనేయడం తేలిక (మాంగా అంటే జపాన్ కామిక్స్, అనిమే అంటే జపాన్ యానిమేషన్). ఏది, ఎక్కడ, ఎందుకు మారిందో చూపించాలంటే మాత్రం ఒక నోట్‌బుక్, కొన్ని సాయంత్రాలు కావాలి. ఈ పని నేర్చుకోవడానికి ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ చాలా అనువైన సిరీస్. ఆల్కెమీ, అంటే వస్తువుల రూపాన్ని మార్చే విద్య, తెలిసిన ఎడ్వర్డ్, అతని తమ్ముడి కథ ఇది. హిరోము అరకావా గీసిన ఈ మాంగా 2001 నుంచి 2010 వరకు ఒక మాసపత్రికలో వచ్చింది. మొత్తం 27 వాల్యూమ్‌లు, 108 చాప్టర్లు. బోన్స్ స్టూడియో దాన్ని రెండుసార్లు అనిమేగా తీసింది: 2003-04లో 51 ఎపిసోడ్లు, 2009-10లో ‘బ్రదర్‌హుడ్’ పేరుతో 64 ఎపిసోడ్లు. ఒకే కథను ఒకే స్టూడియో రెండు దారుల్లో నడిపింది కాబట్టి తేడాలు వెతుక్కోనక్కర్లేదు, అవే ఎదురొస్తాయి. కింద కొన్ని మలుపులు బయటపడతాయి కాబట్టి, కథ తెలియనివాళ్లు ముందు అది చూసి రావడం మంచిది.

1. కొంచెమే తీసుకోండి

108 చాప్టర్లూ పోల్చాలని కూర్చుంటే పదో చాప్టర్ దగ్గరే ఓపిక అయిపోతుంది. మొదటి రెండు వాల్యూమ్‌లు, అంటే 8 చాప్టర్లు చాలు. వాటికి ఎదురుగా బ్రదర్‌హుడ్ 3 నుంచి 6 వరకు ఎపిసోడ్లు పెట్టుకోండి. 2003 అనిమేలోనైతే మొదటి ఐదు చాప్టర్లకు 1, 2, 5, 6, 7, 9 చూడండి.

మూడు వాల్యూమ్‌లు కలిపి వేసిన పుస్తకాలు కూడా దొరుకుతాయి. అందుకని వాల్యూమ్ నంబర్ కాకుండా చాప్టర్ నంబరే రాసుకోండి. సబ్‌టైటిల్స్‌తో మొదలుపెడితే చివరిదాకా వాటితోనే చూడాలి, మధ్యలో డబ్బింగ్‌కు మారొద్దు. మాంగాలో ఒక డైలాగ్ ఒకలా, అనిమేలో ఇంకోలా ఉందంటే చాలాసార్లు మారింది కథ కాదు, అనువాదకుడు. ఈ పోలికల్లో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

2. పట్టిక వేయండి

నాలుగు గడులు చాలు: చాప్టర్, పేజీలు, ఎపిసోడ్‌లో ఎన్నో నిమిషం నుంచి ఎన్నో నిమిషం దాకా, మారినదేమిటి. ముందు చాప్టర్ చదివి పేజీలు రాసుకుని, ఆ తర్వాతే ఎపిసోడ్ పెట్టండి. ఎప్పుడో చూసిన జ్ఞాపకం మీద రాస్తే సగం తప్పులే దొర్లుతాయి.

మాసపత్రికలో వచ్చే చాప్టర్ సాధారణంగా 40 పేజీలు దాటుతుంది, వారపత్రికలోదైతే 20కి అటూ ఇటూ ఉంటుంది. ఎపిసోడ్ 24 నిమిషాలే అయినా మొదటి పాట, చివరి పాట చెరో నిమిషంన్నర తినేస్తాయి. కథకు మిగిలేది 20, 21 నిమిషాలు. 108ని 64తో భాగిస్తే బ్రదర్‌హుడ్‌లో ఒక్కో ఎపిసోడ్‌కు సగటున 1.7 చాప్టర్లు పడ్డాయి. ఒక ఎపిసోడ్ అంతకంటే బాగా ఎక్కువ మింగిందంటే అక్కడ కోత పడింది. బాగా తక్కువ తీసుకుందంటే ఏదో కొత్తగా చేరింది. ముందు ఆ ఎపిసోడ్లే తిప్పి చూడండి. 27వ ఎపిసోడ్ చాలావరకు పాత దృశ్యాల కూర్పే కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయొచ్చు.

3. తేడాకో గుర్తు పెట్టండి

తీసేసినవి, చేర్చినవి, జరిపినవి, మార్చినవి అని నాలుగు గుర్తులు సరిపోతాయి.

తీసేసినవాటి మీద ఎక్కువ సమయం పెట్టండి. మాంగా మూడో చాప్టర్ యూస్‌వెల్ గనుల ఊరి కథ, నాలుగోది రైలు పోరాటం. బ్రదర్‌హుడ్ రెండింటినీ వదిలేసింది. 2003 అనిమే రెండింటినీ చూపించింది. రైలు పోయినా కథకు పెద్ద లోటు లేదు. యూస్‌వెల్ సంగతి వేరు. ఆ ఊళ్లో జనాన్ని పీల్చి పిప్పి చేసిన అధికారి యోకీ, తర్వాత ప్రధాన పాత్రల వెంట చాలా దూరం నడుస్తాడు. మాంగా చదివినవాడికి వాడు దిగజారిన పాత విలన్. బ్రదర్‌హుడ్ మాత్రమే చూసినవాడికి ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ కమెడియన్. వాడి గతాన్ని తర్వాత ఓ పొట్టి ఫ్లాష్‌బ్యాక్‌లో సర్దాల్సొచ్చింది. కోత అంటే అప్పు చేయడమే. ఏ ఎపిసోడ్‌లో, ఎంత వడ్డీతో తీర్చారో పట్టికలో రాయండి.

చేర్చినదానికి బ్రదర్‌హుడ్ మొదటి ఎపిసోడే ఉదాహరణ. మంచు ఆల్కెమిస్ట్ ఐజాక్ మెక్‌డూగల్ మాంగాలో లేడు. వాణ్ణి పట్టుకునే నెపంతో కథలోని ముఖ్య పాత్రలు మస్టాంగ్, హ్యూస్, ఆర్మ్‌స్ట్రాంగ్, కింబ్లీ అందరినీ ఒక్క ఎపిసోడ్‌లోనే తెర మీదికి తెచ్చారు. ఉద్దేశం అర్థమవుతుంది కానీ, కొత్తవాళ్లకు అది పేర్ల వర్షమే.

జరిపినదానికి నీనా కథ చూడండి. ఆల్కెమిస్ట్ టక్కర్ తన కూతురు నీనాను, పెంపుడు కుక్క అలెగ్జాండర్‌ను కలిపి ఒకే జంతువుగా మార్చేసే ఘట్టం అది. మాంగాలో టక్కర్ ఇంటికి వెళ్లేనాటికే ఎడ్వర్డ్ స్టేట్ ఆల్కెమిస్ట్, అంటే ప్రభుత్వ లైసెన్స్ ఉన్న ఆల్కెమిస్ట్. 2003 అనిమే ఆ ఘట్టాన్ని వెనక్కి జరిపి, పరీక్ష రాసే పన్నెండేళ్ల పిల్లాడిగా అతన్ని ఆ ఇంట్లోనే ఉంచింది. మాంగాలో ఒక్క చాప్టర్‌లో ముగిసిన నీనా పరిచయం ఇక్కడ రెండు ఎపిసోడ్లు సాగుతుంది. అందుకే ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఈ ఒక్క విషయంలో 2003 అనిమేదే పైచేయి.

4. ఒక్క దృశ్యాన్ని దగ్గరగా చూడండి

నీనా కథ ఉన్న ఐదో చాప్టర్ చివరి పేజీలు తీయండి. మీకు లైసెన్స్ ఎప్పుడొచ్చిందని ఎడ్వర్డ్ టక్కర్‌ను అడుగుతాడు. రెండేళ్ల క్రితం. భార్య వెళ్లిపోయింది ఎప్పుడు? అదీ రెండేళ్ల క్రితమే. ఇక నీనా, అలెగ్జాండర్ ఎక్కడ అన్న ప్రశ్న మిగులుతుంది. ఈ మూడు ప్రశ్నలకు ఎన్ని ప్యానెళ్లు (బొమ్మల గడులు) పట్టాయి, ఏ ప్యానెల్ పెద్దది, పేజీ ఎక్కడ తిరిగింది అనేవి లెక్కపెట్టండి. మాంగా కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కాబట్టి పాఠకుణ్ణి పేజీ తిప్పించే ప్యానెల్ ఎడమ పేజీలో కింద ఎడమ మూలన ఉంటుంది. ఫోన్లో ఒక్కో పేజీ జరుపుకుంటూ చదివితే ఈ లెక్క కనబడదు. టాబ్‌లోనో, కంప్యూటర్‌లోనో రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకోండి.

ఇప్పుడు బ్రదర్‌హుడ్ నాలుగో ఎపిసోడ్‌లో అదే చోటికి వెళ్లండి. మొదటిసారి ఆపకుండా చూడండి. రెండోసారి స్టాప్‌వాచ్‌తో ప్రశ్నకూ జవాబుకూ మధ్య సెకన్లు రాయండి. మూడోసారి సౌండ్ తీసేసి చూడండి. సంగీతం, గొంతు పోయాక కూడా దృశ్యం నిలబడితే ఆ బలం బొమ్మది, లేదంటే శబ్దానిది. కాగితం మీద మౌనం ఎంతసేపన్నది పాఠకుడి చేతిలో ఉంటుంది. తెర మీద దాన్ని దర్శకుడే నిర్ణయిస్తాడు.

5. కారణం వెతకండి

2003లో అనిమే మొదలయ్యేసరికి మాంగా ఇంకా నడుస్తోంది. అందుకే సెయిజి మిజుషిమా దర్శకత్వంలోని ఆ వెర్షన్ సగం నుంచి సొంత దారి పట్టింది. హోమంక్యులస్‌ల, అంటే కథలోని కృత్రిమ మనుషుల, పుట్టుకే వేరైపోయింది. చనిపోయినవారిని బతికించబోయి విఫలమైన ప్రయోగాల్లోంచి వాళ్లు పుట్టారంది. మాంగాలో వాళ్లు ‘ఫాదర్’ అనే విలన్ సృష్టి. యసుహిరో ఇరియె తీసిన బ్రదర్‌హుడ్‌కు ఆ ఇబ్బంది లేదు. మాంగా చివరి చాప్టర్ 2010 జూన్‌లో, అనిమే చివరి ఎపిసోడ్ జూలైలో వచ్చాయి. బ్రదర్‌హుడ్ మొదటి ఎపిసోడ్ల పరుగుకు కారణం, అదే కథను ప్రేక్షకులు ఐదేళ్ల ముందే చూసి ఉండటం కావచ్చు. ఇది ఊహ. ఇలాంటివాటిని తేదీలు, అంకెలతో కలపకుండా పట్టికలో వేరే రంగు పెన్నుతో రాయండి.

6. రాసేటప్పుడు

పట్టిక మొత్తం వ్యాసంలో కుమ్మరించొద్దు. “నీనాతో ఎంతసేపు గడిపాం?” లాంటి ఒక్క ప్రశ్న ఎంచుకుని, దానికి జవాబిచ్చే మూడు నాలుగు వరుసలే వాడండి. ప్రతి దానికీ చాప్టర్ నంబర్, నిమిషం ఇవ్వండి, చదివేవాళ్లు తెరిచి సరిచూసుకుంటారు. “మాంగాకు న్యాయం చేయలేదు” అనే వాక్యం రాయబోతుంటే ఆగి, ఏ పేజీకి చేయలేదో ముందు రాయండి.