చెన్నై అడయార్‌లో ఒక పూట: మర్రిచెట్టు దగ్గర మొదలుపెట్టి విరిగిన వంతెన దాకా

ముందే చెప్తున్నా, ఆదివారం మాత్రం వెళ్ళకండి. నేను ఆ తప్పు చేసే ఇప్పుడు మీకు చెప్పగలుగుతున్నా. నెల్లూరు నుంచి మా పెద్దమ్మ వాళ్ళొస్తే అందర్నీ రెండు ఆటోల్లో కుక్కి అడయార్ దివ్యజ్ఞాన సమాజం, అదే థియోసాఫికల్ సొసైటీ గేటు ముందు దించా, తీరా చూస్తే గేటు మూసుంది. ఆదివారం సెలవంట. "చెట్టుక్కూడా సెలవేంట్రా" అంది పెద్దమ్మ, ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ తిరుగుతోంది. మామూలు రోజుల్లో కూడా పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు మాత్రమే బయటివాళ్ళని వదుల్తారు, మధ్యలో మూసేస్తారు, ఆ టైమింగులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టి కనుక్కోండి.

నన్నడిగితే మధ్యాహ్నం స్లాట్ పట్టుకోవాలి. ఎందుకంటే తోట చూసుకుని బయటికొచ్చేసరికి ఎండ తగ్గుతుంది, అక్కడ్నుంచి బీచ్, బీచ్ మీంచి నడుచుకుంటూ విరిగిన వంతెన, అన్నీ ఒక వరసలో పడతాయి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బెస్ట్. అక్టోబర్, నవంబర్‌లో వానలు, మే నెల సంగతి చెన్నైలో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఊరి నుంచి రైల్లో వచ్చేవాళ్ళయితే సెంట్రల్‌లో దిగి ఎదురుగా పార్క్ టౌన్‌లో వేళచ్చేరి లోకల్ ఎక్కండి, గ్రీన్‌వేస్ రోడ్‌లోనో కస్తూర్బా నగర్‌లోనో దిగి ఆటో మాట్లాడుకోండి. ఊళ్ళోవాళ్ళకి 29సీ బస్సుంది, పెరంబూర్ నుంచి బీసెంట్ నగర్ దాకా. కారు వద్దు, మెట్రో పనులతో అడయార్ జంక్షన్ దగ్గర ప్రాణం విసిగిపోతుంది.

మందవెల్లి వైపు నుంచి వస్తే మీరొచ్చే రోడ్డు పేరు చూడండి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయే, ఆవిడ పెట్టిన ఆంధ్ర మహిళా సభ ఆ రోడ్డు మీదే ఉంది. దాటగానే అడయార్ నది మీద తిరు.వి.క. వంతెన, దాని పక్కనే వాడకం మానేసిన పాత ఎల్ఫిన్‌స్టన్ వంతెన, తెల్లదొరల కాలం నాటిది. బస్సులో ఉంటే కిటికీ పక్క సీటు సంపాదించండి. నది వాసన మాత్రం, ఏం చెప్పను, ముక్కు మూసుకుని కళ్ళు తెరుచుకోండి.

వంతెన దిగగానే దక్షిణం వైపు సమాజం వాళ్ళ తోట. సుమారు 250 ఎకరాలు, ఒక పక్క నది, ఇంకో పక్క సముద్రం. అన్ని మతాల సారం ఒకటేననే ఈ సంస్థ 1875లో న్యూయార్క్‌లో పుట్టింది, దాన్ని పెట్టినవాళ్ళలో ఇద్దరు, బ్లావట్‌స్కీ, కర్నల్ ఆల్కాట్, 1882లో ఇక్కడ హడిల్‌స్టన్ గార్డెన్స్ అనే బంగళా, దాని చుట్టూ ఉన్న స్థలం కొన్నారు. ఆ పాత బంగళానే పెంచుకుంటూ పోయి ఇప్పటి హెడ్‌క్వార్టర్స్ చేశారు, నది ఒడ్డునే ఉంటుంది. అన్ని ఇళ్ళలోకీ వదలరు, కొన్నిట్లో ఇప్పటికీ మనుషులు ఉంటున్నారు, అందుకని వరండాల్లోకి తొంగి చూసి ఫొటోలు తీయకండి, బయట నిలబడి చూసినా చాలు. గుడి, చర్చి, మసీదు, బౌద్ధ మందిరం, పార్సీల గుడి ఒకే తోటలో ఉన్నాయి, వాటిని వెతుక్కుంటూ నడవడమే ఒక సరదా. తిండి లోపలికి తీసుకెళ్ళొద్దు, కెమెరా సంగతి గేటు దగ్గరే అడిగెయ్యండి, దోమలకి ఫుల్ ప్యాంటు వేసుకోండి.

అందరూ నేరుగా మర్రిచెట్టు దగ్గరికి పరిగెడతారు, సెల్ఫీ తీసుకుంటారు, వచ్చేస్తారు. చెట్టు వయసు సుమారు 450 ఏళ్ళు అంటారు, కానీ మీరు వెళ్ళి అసలు మాను ఏదని వెతికితే కనపడదు, అది 1989 గాలివానలో పడిపోయింది. ఇప్పుడున్నవన్నీ ఊడలే, నేలలోకి దిగి అవే మానులైపోయాయి, తాత పోయాక మనవలు ఇల్లు నడుపుకుంటున్నట్టు. ఈ చెట్టు కిందే ఒకప్పటి సమాజం అధ్యక్షురాలు అనీ బీసెంట్ మాట్లాడింది, పిల్లల చదువుల మాంటిస్సోరీ మాట్లాడింది, తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి మాట్లాడాడు. అనీ బీసెంట్ అంటే విజయవాడ వాళ్ళకి షాపింగ్ గుర్తొస్తుంది, బీసెంట్ రోడ్డు ఆవిడ పేరే, మీరు ఇక్కడ్నుంచి వెళ్ళబోయే బీసెంట్ నగర్ కూడా.

కృష్ణమూర్తి సంగతి మాత్రం తెలుసుకుని వెళ్ళండి, లేకపోతే ఈ తోట ఉత్త చెట్లే. మన మదనపల్లె పిల్లాడు, 1895లో పుట్టాడు. వాళ్ళ నాన్న జిడ్డు నారాయణయ్య రిటైరయ్యాక సమాజంలో పని దొరికి 1909లో పిల్లల్ని తీసుకుని ఇక్కడికొచ్చాడు, కాంపౌండ్ బయట ఒక చిన్న ఇంట్లో ఉండేవాళ్ళు. ఆ ఏడాదే ఇక్కడి ఇసుకలో ఆడుకుంటున్న ఈ బక్క పిల్లాణ్ణి సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ చూసి, వీడే లోకానికి కాబోయే గురువు అన్నాడు. పిల్లల్ని అనీ బీసెంట్ తన సంరక్షణలోకి తీసుకుంది, తర్వాత వాళ్ళని నాకు తిరిగివ్వమని తండ్రి ఆవిడ మీద కోర్టుకెళ్ళాడు, మద్రాసులో ఆయనే గెలిచాడు కానీ కేసు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయి 1914లో ఆవిడ గెలిచింది. ఆ పిల్లాడు పెద్దయ్యాక 1929లో నేను ఎవరికీ గురువుని కాను పొమ్మని తన కోసం పెట్టిన సంఘాన్నే రద్దు చేసేశాడు. నాకైతే ఆ తండ్రే ఎక్కువ గుర్తొస్తాడు, ఊరుకాని ఊళ్ళో ఉద్యోగం ఇచ్చినవాళ్ళ మీదే కేసు వెయ్యడమంటే మాటలా. టైముంటే నదికి అవతల గ్రీన్‌వేస్ రోడ్డులో వసంత విహార్ కూడా చూడండి, ఆయన ఫౌండేషన్ ఆఫీసు అక్కడే, 1986 జనవరిలో ఆఖరి ప్రసంగాలు అక్కడే ఇచ్చి అమెరికా వెళ్ళి ఆ ఫిబ్రవరిలో పోయారు.

తోట నుంచి బయటపడి ఆటోలో బీసెంట్ నగర్‌లోని ఎలియట్స్ బీచ్‌కి రండి, పది నిమిషాలు కూడా పట్టదు. అక్కడ ఇసుకలో తెల్లటి మండపంలా కనపడేది ష్మిత్ మెమోరియల్. 1930లో మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న డెన్మార్క్ మనిషి జ్ఞాపకంగా కట్టింది, అందుకే మోకాలి లోతు దాటి దిగొద్దని పిల్లలకి దాన్నే చూపించి చెప్పండి. ఆకలేస్తే సుండల్, అంటే మన గుగ్గిళ్ళే, పైన పచ్చిమామిడి ముక్కలు వేసిస్తారు. మిరపకాయ బజ్జీలు కూడా ఉంటాయి కానీ మన వైపు కారం ఆశించకండి.

ఇప్పుడు అసలు నడక. సముద్రం కుడిచేతి వైపు పెట్టుకుని ఉత్తరానికి నడవాలి, ఒకటిన్నర కిలోమీటరు ఉంటుంది. మధ్యలో ఊరూర్ ఆల్కాట్ కుప్పం, ఇందాకటి కర్నల్ ఆల్కాట్ పేరే జాలరి పల్లెకి పెట్టారు. వలలు ఆరేసుంటాయి, తొక్కకుండా చుట్టూ తిరిగెళ్ళండి, మనుషుల్ని అడక్కుండా ఫొటో తీయకండి. చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుక మీద నడిస్తే ఈజీ. నడవలేని పెద్దవాళ్ళుంటే ఆటో అతనికి బ్రోకెన్ బ్రిడ్జ్ అంటే చాలు, దగ్గర దాకా తీసుకెళ్తాడు.

వంతెన 1967లో కట్టారు, జాలరులు నది దాటి అటు శాంథోమ్ వైపు వెళ్ళడానికి. పదేళ్ళకే, 1977లో మధ్యలో కూలిపోయింది, మళ్ళీ ఎవరూ అతికించలేదు. ఇటు నుంచి నడుచుకుంటూ పోతే రోడ్డు ఉన్నట్టుండి ఆగిపోతుంది, కింద నది, ఎదురుగా ఖాళీ. రీల్స్ కోసం ఆ చివర కూర్చుని కాళ్ళు వేలాడేసేవాళ్ళని చూస్తే నాకు గుండె జారిపోతుంది. సరైన రెయిలింగ్ లేదు, కాంక్రీటు పెచ్చులూడింది, దయచేసి అంచు దాకా పోకండి. నిజానికి వంతెన ఎక్కేకంటే కింద ఇసుక మీద నిలబడితేనే మొత్తం కనపడుతుంది, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క నది వెడల్పుగా, దూరంగా మీరిందాక తిరిగొచ్చిన తోట చెట్లు. సూర్యుడు నది వైపే దిగుతాడు. పౌర్ణమి రోజు వెళ్ళగలిగితే అటు సూర్యుడు దిగుతుంటే ఇటు సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు, మా పెద్దమ్మ రెండోసారి వచ్చినప్పుడు అది చూసి ఆదివారం సంగతి మాఫీ చేసింది.

చీకటి పడేలోపు అక్కణ్ణుంచి కదలండి. లైట్లుండవు, మనుషులు పల్చబడిపోతారు, ఒంటరిగా అయితే అసలు ఆగొద్దు. డిసెంబర్‌లో పావు తక్కువ ఆరుకే పొద్దు కుంకుతుంది కాబట్టి ఐదింటికల్లా వంతెన దగ్గరుండాలి. జనవరి నుంచి మార్చి మధ్యలో ఈ తీరానికే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తాయి, కాలేజీ పిల్లలు రాత్రిళ్ళు వాటి గూళ్ళు వెతుకుతూ నడుస్తుంటారు, వాళ్ళతో కలిసి వెళ్ళే వీలుంది. అది రాత్రంతా మేలుకునే పని, దానికి వేరే రోజు పెట్టుకోండి, ఈ రోజుకి కాళ్ళకి ఇసుక దులుపుకుని బీసెంట్ నగర్ బస్టాండ్‌లో 29సీ ఎక్కెయ్యండి, మొదలయ్యేది అక్కడే కాబట్టి సీటు దొరుకుతుంది.