108లో పలక: మూంబాటన్ పుట్టుక తెలిసి దరువు కట్టే పద్ధతి

కడప, అనంతపురం వైపు జాతర్లకు, నిమజ్జనాలకు తయారయ్యే డీజే మిక్సుల్లో చాలావాటిది ఒకటే జబ్బు. నిమిషానికి 128 బీట్ల టెంపోలో పరిగెత్తే హౌస్ (క్లబ్బుల్లో వేసే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం) బీటు మీద పలక, అంటే డప్పు, దెబ్బల్ని తెచ్చి అతికించేస్తారు. మోత బ్రహ్మాండంగా ఉంటుంది, అడుగు మాత్రం పడదు. ఆ వేగంలో దెబ్బకీ దెబ్బకీ మధ్య పలకకు సందు దొరకదు. మూంబాటన్ అనే సంకరజాతి సంగీతం పుట్టిందే వేగం తగ్గించడం వల్ల. అందుకే దాని పుట్టుక తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

2009లో అమెరికాలోని వాషింగ్టన్ డీసీ ప్రాంతంలో డేవ్ నాడా అనే డీజే, తన బంధువుల పిల్లాడు బడి ఎగ్గొట్టి పెట్టుకున్న పార్టీలో పాటలు వేయాల్సి వచ్చింది. అక్కడి పిల్లలకేమో రెగ్గేటాన్ (స్పానిష్ పాటల డాన్స్ సంగీతం) కావాలి, ఆయన దగ్గరున్నవి హౌస్ పాటలు. ‘మూంబా’ అనే డచ్ హౌస్ ట్రాక్‌కు ఆఫ్రోజాక్ అనే డీజే చేసిన రీమిక్సును తీసుకుని 108కి దించి వేశాడు. పిల్లలు ఊగిపోయారు. మూంబా, రెగ్గేటాన్ కలిపి పేరు పెట్టేశాడు. మరుసటి ఏడాది 2010లో ఆ తరహా ట్రాకులతో ఈపీ (చిన్న ఆల్బం) కూడా తెచ్చాడు. రెగ్గేటాన్‌కు ప్రాణమైన ‘డెంబో’ దరువు జమైకా డాన్స్‌హాల్ నుంచి పనామా, ప్యూర్టోరికోల మీదుగా వచ్చింది. అంటే ఇందులో ముందునుంచే మూడు నాలుగు ఊళ్ల నీళ్లు కలిసున్నాయి, మన పలక చేరితే తప్పేం లేదు.

మొదట నాడా చేసిన పనే మీరూ చేసి చూడండి. మాటల్లేని 128 ట్రాక్ ఒకటి తీసుకుని పిచ్ ఫేడర్‌ను (డెక్ మీద వేగం మార్చే మీటను) నెమ్మది వైపు లాగండి. 108కి రావాలంటే 15.6 శాతం తగ్గాలి. రేంజి 8 శాతం మీద ఉంటే అందదు, 16కి మార్చుకోండి. వేగం మారినా శ్రుతి మారకుండా పట్టి ఉంచే కీ లాక్‌ను ఆపేయండి. అప్పుడు శ్రుతి కూడా దాదాపు మూడు సెమీటోన్లు (అర స్వరాలు) దిగుతుంది. ఆ బరువే ఈ సంగీతానికి రుచి. కీ లాక్ వేసి ఇంత లాగితే కిక్ (లావు డ్రమ్ము దెబ్బ) అంచు అరిగిపోయి మెత్తబడుతుంది.

ఇప్పుడు ఎఫ్‌ఎల్ స్టూడియో అనే సంగీతం తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో టెంపో 108 పెట్టి, దెబ్బలు పేర్చే 16 గడుల ఛానల్ ర్యాక్ తెరవండి. కిక్ 1, 5, 9, 13 గడుల్లో. స్నేర్ (చురుగ్గా పలికే సన్న డ్రమ్ము దెబ్బ) 4, 7, 12, 15 గడుల్లో. డెంబో అంటే ఇంతే. ఒకటో గడి నుంచి లెక్కపెడితే మూడు, మూడు, రెండు, మళ్లీ మూడు, మూడు, రెండు. నోటితో అనుకుంటూ తొడమీద వేసి చూసుకోండి, చేతికి పట్టేదాకా ముందుకు పోవద్దు.

పలక మోతకు సిద్ధంగా దొరికే లూపుల (తిరిగి తిరిగి మోగే దరువు ముక్కల) కోసం వెతక్కండి. వాయించేవాళ్లను పిలిచి, అడిగినంత ఇచ్చి, ఒక్కో దెబ్బా విడిగా తీసుకోండి. “అన్నా, దరువొద్దు, ఒక్కో దెబ్బా ఇడిసి ఇడిసి కొట్టు” అంటే చాలు, అర్థమైపోతుంది. లావు పుల్లతో నడిమధ్యన, సన్న పుల్లతో అంచున, రెండూ కలిపి. ఒక్కో రకం ఎనిమిది పదిసార్లు, కొన్ని గట్టిగా, కొన్ని మెల్లగా. ఒకే దెబ్బను కాపీ చేసుకుంటూ పోతే కుట్టుమిషన్ చప్పుడులా తయారవుతుంది. మైకు నాలుగడుగుల దూరంలో, తోలుకు ఎదురుగా కాకుండా కాస్త పక్కవాటుగా ఉండాలి. శిఖరం మైనస్ 10 డీబీ దాటకుండా లెవెల్ పెట్టండి. పగిలిన దెబ్బను ఏ ప్లగిన్నూ (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే పనిముట్టూ) బాగుచేయలేదు.

ఇక్కడే ఒక చిక్కుంది. పలకను మంట దగ్గర కాచాక తోలు బిగిసి ఖంగుమంటుంది, చల్లారేకొద్దీ శ్రుతి జారుతుంది. మొదటి దెబ్బకూ చివరి దెబ్బకూ తేడా వినబడిందంటే అదే కారణం. ఒక రకం దెబ్బలు అయిపోగానే మళ్లీ కాయించి రెండో రకం తీసుకోండి.

అసలు గొడవ నడకలో వస్తుంది. ఊరేగింపు దరువుల్లో చాలావరకు తిశ్రంలో, అంటే బీటుకు మూడు దెబ్బల చొప్పున నడుస్తాయి. డెంబో చతురశ్రం, అంటే బీటుకు నాలుగు. 108లో ఒక బీటు 556 మిల్లీసెకన్లు. తిశ్రంలో మూడో దెబ్బ 370 దగ్గర పడితే, డెంబో స్నేర్ 417 దగ్గర పడుతుంది. ఆ 47 మిల్లీసెకన్ల ఎడం చెవికి తప్పటడుగులా వినిపిస్తుంది. వాయించినవాళ్ల తప్పూ కాదు, కంప్యూటర్ తప్పూ కాదు. దెబ్బల్ని గడుల్లోకి లాగి సర్దే క్వాంటైజ్ నొక్కితే దరువు నడకే చచ్చిపోతుంది. అందుకే తిశ్రం దరువును డెంబో మీద పెట్టకండి. విడిగా తీసుకున్న దెబ్బల్నే గడుల్లో పేర్చండి. లావు పుల్ల దెబ్బ 1, 9లో. అంచు దెబ్బ స్నేర్‌తో కలిపి 4, 7, 12, 15లో. మెల్లటి సన్న పుల్ల 6, 14లో, మూడో వంతు జోరుతో. తిశ్రం మీద మనసు చావకపోతే బ్రేక్‌లో కిక్, స్నేర్ రెండూ ఆపేసి ఆ నాలుగు బార్లూ (బారంటే నాలుగు బీట్లు) పలకకే వదిలేయండి. జనం ఈల వేసేది అక్కడే.

ఉరుములు అనే వాద్యం మోత దొరికితే అదృష్టం. అనంతపురం జిల్లా సొత్తు అది. దాన్ని దరువుగా కాక డ్రాప్‌కు (దరువు మళ్లీ విరుచుకుపడే చోటుకు) ముందు రెండు బార్ల ఊపుగా వాడితే బాగుంటుంది.

డచ్ హౌస్ వాటాగా కీచుమనే లీడ్ (ముందు వినిపించే సింథ్ స్వరం) ఒకటి కావాలి. సింథ్‌లో సా వేవ్, పోర్టమెంటో (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే సమయం) 80 మిల్లీసెకన్లు, రెండు మూడు స్వరాలు చాలు. పాట పాడించకండి దానిచేత. అమరిక అంతా ఎనిమిది బార్ల కట్టలు. మొదట 16 బార్లు దరువు మాత్రమే ఉంచితే ఆ ట్రాక్ వేసే డీజేకు మిక్స్ చేసుకోవడానికి 35 సెకన్లు దొరుకుతుంది.

మిక్సులో పలకకు 120 హెర్ట్జ్ కింద కోసేయండి, ఆ చోటు కిక్‌ది. డబ్బా కొట్టినట్టుంటే 350 దగ్గర మూడు డీబీ తగ్గించండి. మాస్టర్‌లో, అంటే మొత్తం మిక్సు మీద, 35 హెర్ట్జ్ కింద ఏమీ ఉంచొద్దు, ట్రాక్టర్ మీది బాక్సులు దాన్ని వినిపించలేవు, ఆంప్ మాత్రం వేడెక్కుతుంది. చివరగా మోనో బటన్ నొక్కి వినండి. బాక్సులన్నీ ఒకే ఛానల్‌కు కలిపిన సెట్టింగులే ఎక్కువ. లీడ్ మాయమైతే దాని స్టీరియో వెడల్పు తగ్గించి మళ్లీ ఎగుమతి చేయండి.