ఎడిటర్‌కు రాసిన ఉత్తరం అచ్చు కాలేదా? ఎక్కడ ఆగిందో చూద్దాం

"మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కటీ వేయలేదు. అసలు వాటిని ఎవరైనా చదువుతారా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. చదువుతారు. ఒక దినపత్రిక జిల్లా డెస్క్‌లో, అంటే జిల్లా పేజీలకు వార్తలు, ఉత్తరాలు ఎంచి దిద్దే విభాగంలో కొన్నేళ్లు ఆ పని చేసినవాడిగా చెబుతున్నాను. సంచిలోంచి వచ్చిన ప్రతి కవరూ చింపి చూసేవాళ్లం. పక్కన పెట్టిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాసినవారి మాట నచ్చక పెట్టినవి కావు. చిన్న చిన్న కారణాల వల్ల ఆగిపోయినవి. ఆ కారణాలు తెలిస్తే మీ ఉత్తరం ఎక్కడ ఆగిందో మీరే పట్టుకోవచ్చు.

సమస్య: పంపి నెల దాటింది, జాడ లేదు

కారణం: చాలాసార్లు ఉత్తరం పత్రికకు చేరుతుంది కానీ చేరాల్సిన బల్లకు చేరదు. తెలుగు దినపత్రికల్లో పాఠకుల ఉత్తరాలకు సాధారణంగా రెండు ద్వారాలు. ఒకటి సంపాదకీయ పేజీ. ప్రభుత్వ విధానాలు, భాష, విద్య, పత్రికలో వచ్చిన వ్యాసంపై అభిప్రాయం అక్కడికి వెళ్లాలి. రెండోది జిల్లా పేజీలు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. మన వీధి, మన మండలం కబుర్లన్నీ ఆ పేజీల్లోకి మారాయి. మీ వార్డులో కాలువ పొంగుతోందని ప్రధాన కార్యాలయానికి రాస్తే, దాన్ని జిల్లాకు పంపే తీరిక అక్కడ అందరికీ ఉండదు. రాష్ట్రమంతటికీ సంబంధించిన విషయాన్ని జిల్లా డెస్క్‌కు పంపితే, అది తమ పేజీది కాదని వాళ్లు ఆపేస్తారు.

పరిష్కారం: ఉత్తరాల శీర్షిక కింద ఇచ్చిన చిరునామానే వాడండి. అది కనిపించకపోతే పత్రిక చివరి పేజీ అడుగున సన్నని అక్షరాల వరుస చూడండి. ఎక్కడ ముద్రించారు, ప్రచురణకర్త ఎవరు, సంపాదకులు ఎవరు అన్నది అక్కడ ఉంటుంది. కవరు మీద, మెయిల్ అయితే విషయం రాసే గడిలో "పాఠకుల ఉత్తరాల శీర్షికకు" అని మొదట రాసి, తర్వాత ఊరు, విషయం రెండు మూడు మాటల్లో పెట్టండి. స్థానిక విలేకరి చేతికిస్తే సరిపోతుందని అనుకోకండి. ఆయన దాన్ని వార్తగా మలచవచ్చు, అదీ మంచిదే. మీ సంతకంతో ఉత్తరంగా రావాలంటే మాత్రం డెస్క్‌కే పంపాలి.

అందినట్టు జవాబు రాసే అలవాటు పత్రికలకు సాధారణంగా ఉండదు. సంపాదకీయానికి స్పందనైతే రెండు మూడు రోజుల్లో పంపాలి, ఆ తర్వాత అది చల్లారిపోతుంది. ఊరి సమస్యైతే పది పదిహేను రోజులు చూసి, కొత్త తేదీతో మళ్లీ రాయండి.

సమస్య: మెయిల్ వెళ్లింది, అక్షరాలు వెళ్లలేదు

డీటీపీ సెంటర్‌లో టైపు చేయించినవారికి ఎక్కువగా వచ్చే చిక్కు ఇది. అక్కడ చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లు వాడతారు. అవి యూనికోడ్ కావు, అంటే ఏ ఫోనులోనైనా, కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే పద్ధతివి కావు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కని తెలుగు కనిపిస్తుంది. అది లేని చోట తెరిస్తే పిచ్చి గుర్తుల వరుస. డెస్క్‌లో ఉత్తరాలు దిద్దే సబ్ ఎడిటర్ దాన్ని మార్చుకునే ప్రయత్నం చేయవచ్చు, చేయకపోవచ్చు. ఫోనులో తెలుగు కీబోర్డుతో నేరుగా మెయిల్‌లోనే టైపు చేయండి. పంపే ముందు ఇంట్లో మరొకరి ఫోనుకు పంపి, సరిగా కనిపిస్తోందో లేదో చూడండి. ఉత్తరాన్ని ఫొటో తీసి పంపితే దాన్ని ఎవరో ఒకరు కూర్చుని మళ్లీ టైపు చేయాలి. పేజీ కట్టే వేళ అలాంటివే ముందుగా పక్కకు వెళతాయి.

చేత్తో రాసేవారు సందేహించనక్కర్లేదు, రాయండి. కాగితానికి ఒకవైపే రాయండి. ఇది పాత నియమమే కానీ అర్థం ఉంది. ఆపరేటరు బల్ల మీద కాగితం బోర్లా పడితే వెనకవైపు రాసినది ఎవరి కంటా పడదు. ఊరి పేరు, మనుషుల పేర్లు, అంకెలు విడివిడిగా, కొంచెం పెద్దగా రాయండి. వాక్యంలో ఒక మాట అందకపోతే ఊహించుకోవచ్చు. ఊరి పేరు ఊహించలేం.

సమస్య: అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా వేయలేదు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రోజూ ఇలాంటివి వచ్చేవి:

"అయ్యా, మా ఊరు ఎన్నో ఏళ్లుగా అభివృద్ధికి నోచుకోలేదు. రోడ్లు అధ్వానంగా ఉన్నాయి. డ్రైనేజీ లేదు. వీధి దీపాలు వెలగవు. దోమలు, కుక్కలు, కోతుల బెడద చెప్పనలవి కాదు. పాలకులు నిమ్మకు నీరెత్తినట్టు వ్యవహరిస్తున్నారు. ఇకనైనా సంబంధిత అధికారులు స్పందించి తగు చర్యలు తీసుకోవాలని కోరుతున్నాం."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా దీన్ని ఏ ఊరి పేరు కింద వేసినా సరిపోతుంది. బాధ ఉంది, విషయం లేదు. పైగా "సంబంధిత అధికారి" అనే కుర్చీ ఏ కార్యాలయంలోనూ లేదు. అది చదివిన ప్రతి అధికారీ పక్కవాడి గురించి అనుకుంటాడు.

ఇదే మనిషి, ఇదే ఊరు, ఇలా రాస్తే?

"అయ్యా, మా ఊరి ఉన్నత పాఠశాల గేటు నుంచి బస్టాండు వరకు ఆరు వీధి దీపాలున్నాయి. దసరా నుంచి నాలుగు వెలగడం లేదు. పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతులు సాయంత్రం ఆరున్నర దాకా జరుగుతున్నాయి. ఆడపిల్లలు ఆ చీకట్లోనే నడిచి వెళ్లి బస్సు ఎక్కుతున్నారు. పంచాయతీ కార్యదర్శికి ఈ నెల 4న అర్జీ ఇచ్చాం. సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచేలోగా ఆ నాలుగు దీపాలు వెలిగించాలని కోరుతున్నాం."

పొడవు కాస్త పెరిగింది, అంతే. కోతులు పోయాయి, దోమలు పోయాయి. అవి మరో ఉత్తరానికి. ఒక చోటు, ఒక లెక్క, ఎప్పటి నుంచి, ఎవరికి కష్టం, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా. ఇది చదివిన సబ్ ఎడిటర్ విలేకరికి ఫోను చేసి రెండు నిమిషాల్లో నిజమో కాదో తెలుసుకోగలడు. తెలుసుకోగలిగినదాన్నే ధైర్యంగా వేస్తాడు.

ఎవరిని అడగాలో తెలియకపోతే చుట్టూ చూడండి, ఆనవాళ్లు ఉంటాయి. రోడ్డు ఎవరిదో మైలురాయి చెబుతుంది. తల భాగం పసుపుదైతే జాతీయ రహదారి, ఆకుపచ్చదైతే రాష్ట్ర రహదారి, నారింజ రంగైతే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన గ్రామీణ రోడ్డు. కరెంటు స్తంభం మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద నంబరు రాసి ఉంటే అది ఉత్తరంలో పెట్టండి. "మా వీధి స్తంభం" అంటే ఎవరికీ తెలియదు, నంబరు చెబితే లైన్‌మన్‌కు తెలుస్తుంది.

నేను చూసిన ఉత్తరాల్లో అన్నిటికన్నా మంచిది నోట్‌బుక్ మధ్య నుంచి చింపిన రూళ్ల కాగితం మీద వచ్చింది. పిన్నుల రంధ్రాలు అలాగే ఉన్నాయి, అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. రాసినది ఒక గృహిణి. "మా వీధి చేతిపంపు నలభైసార్లు కొడితే బిందె నిండేది. ఇప్పుడు నలభైసార్లు కొడితే చెంబు నిండుతోంది." అంతే, కింద వీధి పేరు, పంపు ఏ ఇంటి ముందు ఉందో రాసింది. ఒక్క మాట మార్చలేదు మేము.

సమస్య: నిజమే రాశాను, వేయడానికి భయపడుతున్నారు

పేరు పెట్టి ఒకరిని దొంగ అన్న ఉత్తరం విషయంలో భయపడటం న్యాయమే. పరువునష్టం నేరం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ కిందికి వచ్చింది. ఉత్తరం రాసింది మీరే అయినా అచ్చు వేసిన పత్రిక కూడా జవాబు చెప్పాలి. నిజం కావడమొక్కటే చాలదు, అది బయటపెట్టడం ప్రజల మేలు కోసమేనని కూడా తేలాలి.

అందుకని ఆరోపణ మానేయమని కాదు. చూసినది రాయండి, తీర్పు ఇవ్వకండి. "రేషన్ డీలరు బియ్యం తినేస్తున్నాడు" అనకుండా, కార్డు మీద రావాల్సినవి ఎన్ని కిలోలు, రసీదులో ఉన్నవి ఎన్ని, ఇంటికి తెచ్చి తూస్తే ఎన్ని అన్నది రాయండి. రసీదు నకలు జత చేయండి. పనికి ఎంత బిల్లు పెట్టారో తెలియాలంటే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ కాగితం చేతిలో ఉన్న ఉత్తరానికి డెస్క్‌లో వచ్చే గౌరవమే వేరు.

సమస్య: పేరు బయటపడితే ఊళ్లో బతకనివ్వరు

ఇది నిజమైన భయం, తేలిగ్గా తీసుకోను. అయితే దానికి ఆకాశరామన్న ఉత్తరం మందు కాదు. పేరు లేని ఉత్తరాన్ని నమ్మడానికి ఆధారం ఉండదు, పాత పగలు తీర్చుకునేవారూ ఆ దారిలోనే వస్తారు కాబట్టి నేరుగా బుట్టలోకి వెళుతుంది. పేరు, చిరునామా, ఫోను నంబరు సంపాదకుడికి ఇవ్వండి. పైన "నా పేరు ప్రచురించవద్దు" అని రాసి, ఎందుకో ఒక వాక్యంలో చెప్పండి. ఫోను వస్తే ఎత్తండి. ఫోను ఎత్తకపోవడం వల్ల ఆగిపోయిన మంచి ఉత్తరాలు నాకు ఇంకా గుర్తున్నాయి.

ప్రభుత్వోద్యోగులు ఒక జాగ్రత్త పడాలి. ప్రభుత్వ విధానాన్ని పత్రికల్లో విమర్శించడం ప్రవర్తనా నియమాలకు విరుద్ధం కావచ్చు. ముందు ఆ నియమాలు చదువుకోండి.

సమస్య: అచ్చయింది కానీ సగం కోసేశారు

చోటు చాలకపోతే ఉత్తరాన్ని సాధారణంగా కింది నుంచి కోస్తారు. మీరు నాలుగు వాక్యాల ముందుమాట రాసి అసలు సంగతి చివర పెడితే పోయేది అదే. అసలు మాట మొదటి వాక్యంలోనే చెప్పేయండి. నూట యాభై మాటలు దాటనివ్వకండి.

వచ్చిన ఉత్తరాలన్నీ వేయాలన్న నిర్బంధం సంపాదకుడికి లేదు, సారాంశం మాత్రమే వేయవచ్చు. వివాదాస్పద విషయమైతే రెండు వైపుల మాటకూ చోటిచ్చేందుకు నిజాయితీగా ప్రయత్నించాలి. పత్రికల ప్రమాణాలు చూసే సంస్థ ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెప్పేది ఇదే. కోత వల్ల మీ మాటకు అర్థమే తిరగబడితే కోపంతో ఊరుకోకండి. అదే రోజు, మీ అసలు వాక్యం, అచ్చయిన వాక్యం పక్కపక్కన రాసి సంపాదకుడికి పంపండి.

మీ గురించి తప్పు వార్త వచ్చినప్పుడు పంపేది వేరు. అది పాఠకుల ఉత్తరం కాదు, వివరణ. పైన ఆ మాటే రాయండి, వార్త వచ్చిన తేదీ, పేజీ, ఎడిషన్ ఇవ్వండి. సంపాదకుడు పట్టించుకోకపోతే 1978 చట్టం కింద ఏర్పడిన ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక, వారపత్రికలైతే వార్త వచ్చిన రెండు నెలల్లోగా వెళ్లాలి. ముందు సంపాదకుడికి రాసిన ఉత్తరం నకలు లేకపోతే ఫిర్యాదు నిలబడటం కష్టం. అందుకే ఏం పంపినా ఒక నకలు ఇంట్లో ఉంచుకోండి.

సమస్య: ఒకసారి వేశారు, తర్వాత ఒక్కటీ వేయడం లేదు

ఒకే ఉత్తరాన్ని ఐదు పత్రికలకు పంపి ఉంటారు. ఒకే రోజు రెండింటిలో వస్తే రెండు డెస్క్‌లూ మీ పేరు గుర్తుపెట్టుకుంటాయి. ఒక పత్రికకు పంపి, పది రోజులు ఆగి, మార్చి రాసి ఇంకో పత్రికకు పంపండి.

సమస్య: అచ్చయింది, పని మాత్రం కాలేదు

కారణం: పత్రిక చదివి కదిలే అధికారులు ఉన్నారు, కదలనివారూ ఉన్నారు. కార్యాలయాల్లో ఫైలు కదలాలంటే అర్జీ కావాలి, అచ్చయిన ఉత్తరం అర్జీ కాదు.

పరిష్కారం: ఆ ముక్కను పత్రిక పేరు, తేదీ కనిపించేలా కత్తిరించి అర్జీకి జత చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి. ఆ రోజు అర్జీలు తీసుకునే కార్యక్రమం పేరు తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. రసీదు, అర్జీ నంబరు తీసుకోకుండా బయటికి రాకండి. మూడు వారాలు చూసి పత్రికకు రెండో ఉత్తరం రాయండి: ఫలానా తేదీన మీరు ప్రచురించారు, ఫలానా నంబరుతో అర్జీ ఇచ్చాం, ఇప్పటికీ పని కాలేదు. మొదటిదాని కన్నా ఈ రెండోదే తేలిగ్గా అచ్చవుతుంది.

పని అయితే ఆ మాటా రాయండి. ఇది దాదాపు ఎవరూ చేయరు. చేతిపంపు గురించి రాసిన ఆమె చేసింది. ఉత్తరం వచ్చిన కొన్ని వారాలకు ఒక పోస్టుకార్డు వచ్చింది, అవే జారిపోయే అక్షరాలు. "పంపు బాగుచేశారు. ఇప్పుడు ముప్పై అయిదుకే బిందె నిండుతోంది." మర్నాటి పేజీలో పైన వేశాం.