జావాలో డేటాబేస్ లోపాలు: లక్షణం, కారణం, పరిష్కారం

జావాలో రాసిన ప్రోగ్రామ్ డేటాబేస్‌ను చేరలేకపోయినా, చేరిన తరువాత అడిగిన పని జరగకపోయినా, జేడీబీసీ (జావా ప్రోగ్రామ్‌ను డేటాబేస్‌తో కలిపే ప్రామాణిక ఏర్పాటు) మన చేతికిచ్చేది ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ అనే ఒక్క ఆబ్జెక్టునే. పాస్‌వర్డు తప్పయినా, నెట్‌వర్క్ తెగినా, ఒకే హాల్‌టికెట్ నంబరు రెండోసారి నమోదు కాబోయినా పైకి కనిపించే పేరు అదే కావడంతో, చాలా ప్రోగ్రాముల్లో వీటన్నింటికీ ఒకే క్యాచ్ బ్లాకు (లోపాన్ని పట్టుకునే కోడ్ భాగం), ఒకే సందేశం ఉంటాయి. అయితే వీటిలో కొన్నింటికి మళ్లీ ప్రయత్నించడం మందు, కొన్నింటికి అదే విషం. పరీక్ష దరఖాస్తులను నమోదు చేసే అప్లికేషన్‌ను ఉదాహరణగా తీసుకొని, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లలో తరచుగా ఎదురయ్యే లక్షణాలను ఇక్కడ పరిశీలిద్దాం.

లక్షణం: లాగ్‌లో "డేటాబేస్ లోపం" అన్న మాట తప్ప మరేమీ లేదు

మిగతా ఏ సమస్యనైనా వెతకడానికి ముందు దీన్ని సరిచేసుకోవాలి. డేటాబేస్ పంపిన వివరాన్ని మన క్యాచ్ బ్లాకే మింగేయడం దీనికి కారణం. కొందరు సందేశాన్ని మాత్రమే అచ్చువేసి వదిలేస్తారు. కొందరు కొత్త ఎక్సెప్షన్‌ను సృష్టించి, పాతదాన్ని దానికి కారణంగా జతచేయడం మరచిపోతారు. అన్నింటికన్నా ప్రమాదకరమైనది, లోపం వచ్చినప్పుడు ఖాళీ జాబితానో నల్ విలువనో తిరిగి ఇవ్వడం. అప్పుడు డేటాబేస్ ఆగిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. దరఖాస్తు చేసిన విద్యార్థికి "మీ దరఖాస్తు మా వద్ద లేదు" అన్న అబద్ధం కనిపిస్తుంది, అతడు మరోసారి ఫీజు కట్టడానికి సిద్ధపడతాడు.

పరిష్కారం రెండు భాగాలు. మొదటిది, కొత్త ఎక్సెప్షన్‌ను విసిరే ప్రతిచోటా అసలు ఎక్సెప్షన్‌ను కన్‌స్ట్రక్టరుకు అందించడం. రెండోది, సందేశంతో పాటు ఎస్‌క్యూఎల్‌స్టేట్‌ను, డేటాబేస్ సొంత లోపసంఖ్యను కూడా లాగ్‌లో రాయడం. ఎస్‌క్యూఎల్‌స్టేట్ ఐదు అక్షరాల కోడ్. అందులో మొదటి రెండు అక్షరాలు లోపం ఏ జాతిదో చెబుతాయి. 08 అంటే కనెక్షన్ సమస్య, 23 అంటే నియమ ఉల్లంఘన, 28 అంటే గుర్తింపు చెల్లకపోవడం, 40 అంటే ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదు అనే పనుల కట్ట) వెనక్కి పోవడం, 42 అంటే క్వెరీలో దోషం లేదా అనుమతి లేకపోవడం. నిర్ణయాలు ఈ కోడ్‌ను బట్టే తీసుకోవాలి. సందేశంలోని మాటలను వెతికి నిర్ణయించే కోడ్, సర్వర్ భాష మారిన రోజున చడీచప్పుడు లేకుండా పనిచేయడం మానేస్తుంది. అనేక వరుసలను ఒకేసారి పంపే బ్యాచ్‌లలో అసలు కారణం మొదటి ఎక్సెప్షన్‌లో కాక దాని తరువాతి ఎక్సెప్షన్‌లో దాగి ఉండవచ్చు కాబట్టి, గెట్‌నెక్స్ట్‌ఎక్సెప్షన్ మెథడ్‌తో ఆ గొలుసు చివరిదాకా చూడాలి. ఇక ప్రతి పొరలోనూ లాగ్ రాసి మళ్లీ విసిరే అలవాటు వల్ల ఒకే లోపం నాలుగైదు లోపాలుగా కనిపిస్తుంది. పైపొరలో ఒక్కసారి రాస్తే సరిపోతుంది.

లక్షణం: కనెక్షన్ అసలు ఏర్పడదు

"నో సూటబుల్ డ్రైవర్" అని వస్తే డ్రైవర్ జార్ ఫైలు క్లాస్‌పాత్‌లో లేదు, లేదా యూఆర్‌ఎల్ మొదటి భాగం తప్పుగా ఉంది. జేడీబీసీ 4.0 నుంచి డ్రైవర్లు తమంతట తామే నమోదవుతాయి కనుక, పాత పాఠాల్లో కనిపించే క్లాస్ డాట్ ఫర్‌నేమ్ వరుస సాధారణంగా అవసరం లేదు. మైఎస్‌క్యూఎల్ లోపసంఖ్య 1045 అయితే పాస్‌వర్డు ఒక్కటే చూస్తే చాలదు. అక్కడ ఖాతా అంటే యూజర్ పేరు, అతడు వచ్చే హోస్ట్ రెండూ కలిసినది. అదే పేరుకు లోకల్‌హోస్ట్ నుంచి ఉన్న ప్రవేశం వేరే సర్వర్ నుంచి లేకపోవచ్చు. ఈ లోపాలను మళ్లీ మళ్లీ ప్రయత్నించి లాభం లేదు.

లక్షణం: రాత్రంతా ఎవరూ వాడకపోతే, ఉదయం మొదటి అభ్యర్థన విఫలమవుతుంది

"కమ్యూనికేషన్స్ లింక్ ఫెయిల్యూర్" అన్న సందేశం, 08ఎస్01 అన్న కోడ్ దీని గుర్తులు. మైఎస్‌క్యూఎల్‌లో వెయిట్ టైమవుట్ మొదటి విలువ (మనం మార్చకపోతే ఉండేది) 28800 సెకన్లు, అంటే 8 గంటలు. అంతసేపు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను సర్వర్ మూసేస్తుంది, మన ప్రోగ్రామ్ మాత్రం అది బతికే ఉందనుకుంటుంది. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే ఇంకా ముందే తెగవచ్చు. పూల్‌లో (ముందే తెరిచి ఉంచి పదేపదే వాడుకునే కనెక్షన్ల నిల్వలో) కనెక్షన్ ఆయుష్షు ఈ పరిమితులన్నింటికన్నా తక్కువగా ఉండేలా చూడడమే పరిష్కారం. హికారీసీపీ అనే పూల్ లైబ్రరీలో ఆ ఆయుష్షును నిర్ణయించే మాక్స్‌లైఫ్‌టైమ్ మొదటి విలువ 30 నిమిషాలు, చాలా సందర్భాలకు అది చాలు. యూఆర్‌ఎల్‌లో ఆటోరీకనెక్ట్ చేర్చమనే సలహా విరివిగా వినిపిస్తుంది గాని, సెషన్ స్థితి దెబ్బతింటుందన్న కారణంతో మైఎస్‌క్యూఎల్ పత్రాలే దాన్ని వద్దంటాయి.

లక్షణం: రద్దీ పెరగగానే ప్రతి అభ్యర్థనా 30 సెకన్లు ఆగి విఫలమవుతుంది, రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది

హికారీసీపీ పూల్‌లో మొదటి ఏర్పాటు ప్రకారం గరిష్ఠంగా 10 కనెక్షన్లు ఉంటాయి, ఖాళీ దొరకకపోతే 30 సెకన్లు ఎదురుచూసి ఎక్సెప్షన్ విసురుతుంది. రీస్టార్ట్‌తో తగ్గుతోందంటే, తీసుకున్న కనెక్షన్లు తిరిగి పూల్‌కు చేరడం లేదనే ముందుగా అనుమానించాలి. పూల్ పరిమాణం పెంచడం చిల్లు కుండలో మరిన్ని నీళ్లు పోయడమే; పైగా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మొదటి ఏర్పాటులో 100, మైఎస్‌క్యూఎల్ 151 కనెక్షన్ల దగ్గర ఆపేస్తాయి కాబట్టి, సమస్య అప్లికేషన్ నుంచి సర్వర్‌కు పాకి మిగతావారినీ ఇబ్బంది పెడుతుంది.

కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్ మూడింటినీ జావా 7 నుంచి ఉన్న ట్రై-విత్-రిసోర్సెస్ లోనే తెరవాలి. ఎక్సెప్షన్ వచ్చినా రాకపోయినా అవి తెరిచిన క్రమానికి వ్యతిరేక క్రమంలో మూతపడతాయి. పాత పద్ధతిలో ఫైనల్లీ బ్లాకులోని క్లోజ్ మెథడ్ కూడా ఎక్సెప్షన్ విసిరితే అసలు లోపం కనుమరుగయ్యేది. ఇప్పుడు ఆ రెండోది సప్రెస్డ్ ఎక్సెప్షన్‌గా మొదటిదానికి అంటిపెట్టుకొని ఉంటుంది. ఏ మెథడ్ కనెక్షన్‌ను పట్టుకొని కూర్చుందో తెలియకపోతే లీక్‌డిటెక్షన్‌థ్రెషోల్డ్‌కు విలువ ఇవ్వాలి, మొదటి ఏర్పాటులో అది పనిచేయదు. అన్నీ సరిగా మూస్తున్నా లక్షణం పోకపోతే, ట్రాన్సాక్షన్ మధ్యలో ఎస్‌ఎంఎస్ పంపడమో పేమెంట్ గేట్‌వే జవాబు కోసం ఆగడమో జరుగుతోందేమో చూడండి.

లక్షణం: ముందుగా సరిచూసినా, "డూప్లికేట్ ఎంట్రీ" వస్తుంది

హాల్‌టికెట్ నంబరు ఉందో లేదో సెలెక్ట్‌తో చూసి, లేకపోతే ఇన్‌సర్ట్ చేసే కోడ్‌లో, ఆ రెండు పనుల మధ్య మరో అభ్యర్థన దూరగలదు. ఈ తనిఖీ ఎంత జాగ్రత్తగా రాసినా ప్రయోజనం లేదు. టేబుల్‌లో యూనిక్ నియమం (ఒకే విలువ రెండుసార్లు రాకూడదనే షరతు) పెట్టి, దాని ఉల్లంఘనను పట్టుకోవడమే నమ్మదగిన మార్గం. పట్టుకోవలసింది డేటాబేస్‌తో నేరుగా మాట్లాడే రిపాజిటరీ క్లాసులో. దాన్ని అక్కడే "ఈ నంబరు ఇప్పటికే నమోదైంది" అనే అర్థమున్న మన సొంత ఎక్సెప్షన్‌గా మార్చితే, పైనున్న సర్వీస్ క్లాసుకు ఏ డేటాబేస్ వాడుతున్నామో తెలియనవసరం లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎస్‌క్యూఎల్‌ఇంటెగ్రిటీకన్‌స్ట్రెయింట్‌వయొలేషన్‌ఎక్సెప్షన్ అనే ఉపక్లాసును మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ విసురుతుంది, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డ్రైవర్ తన పీఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్‌నే విసురుతుంది. కాబట్టి ఆ ఉపక్లాసు కోసం రాసిన క్యాచ్ రెండోచోట ఎన్నడూ అమలు కాదు. పోనీ కోడ్ చూద్దామంటే, యూనిక్ ఉల్లంఘనకూ ఫారిన్ కీ (మరో టేబుల్‌లోని వరుసను సూచించే విలువ) ఉల్లంఘనకూ మైఎస్‌క్యూఎల్ 23000 అనే చెబుతుంది, అక్కడ 1062 అన్న లోపసంఖ్యను చూడాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 23505 చూస్తే చాలు. అయితే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఈ లోపాన్ని ట్రాన్సాక్షన్ మధ్యలో పట్టుకొని ముందుకు సాగితే, తరువాతి ప్రతి క్వెరీకీ ట్రాన్సాక్షన్ చెడిపోయిందన్న 25పీ02 వస్తుంది. ఇన్‌సర్ట్‌కు ముందు సేవ్‌పాయింట్ (తిరిగి రాగల గుర్తు) పెట్టుకొని అక్కడికి రోల్‌బ్యాక్ చేయాలి, అంటే మార్పులను వెనక్కి తీసుకోవాలి, లేదా ఇన్‌సర్ట్‌లో ఆన్ కాన్‌ఫ్లిక్ట్ వాడి లోపమే రాకుండా చూసుకోవాలి.

లక్షణం: అప్పుడప్పుడు డెడ్‌లాక్, లేదా లాక్ కోసం ఎదురుచూసి విఫలం

రెండు ట్రాన్సాక్షన్లు ఒకే వరుసలను వేర్వేరు క్రమంలో మార్చబోతే, ఒకదాని కోసం మరొకటి ఆగిపోయి డెడ్‌లాక్ పుడుతుంది. వరుసలను ఎప్పుడూ ఒకే క్రమంలో తాకితే ఇది చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. మళ్లీ ప్రయత్నించడం సరైన మందయ్యేది ఇక్కడే. ఆ ప్రయత్నం విఫలమైన క్వెరీ నుంచి కాక, చదవడంతో సహా ట్రాన్సాక్షన్ మొదటి నుంచి జరగాలి. కొద్దిసార్లకే పరిమితం కావాలి. మధ్య విరామం ప్రతిసారీ ఒకేలా ఉండకూడదు. మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే ఇన్నోడీబీ స్టోరేజ్ ఇంజిన్‌లో 1213 వస్తే మొత్తం ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అవుతుంది. 50 సెకన్ల మొదటి పరిమితి దాటి 1205 వస్తే మాత్రం ఆ ఒక్క క్వెరీయే వెనక్కి పోతుంది, అంతకుముందు చేసిన మార్పులు అలాగే ఉంటాయి. అప్పుడు మనమే రోల్‌బ్యాక్ పిలవకపోతే, రెండో ప్రయత్నంలో సీట్ల లెక్క రెండుసార్లు తగ్గవచ్చు.

కమిట్ (మార్పులను ఖాయం చేసే ఆజ్ఞ) పిలిచిన క్షణంలో కనెక్షన్ తెగితే, కమిట్ జరిగిందో లేదో ప్రోగ్రామ్‌కు తెలిసే మార్గం లేదు. ప్రతి దరఖాస్తుకూ ముందే ఒక ప్రత్యేక అభ్యర్థన సంఖ్యను ఇచ్చి దానిపై యూనిక్ నియమం పెడితే, మళ్లీ పంపినా రెండోది చేరదు.

లక్షణం: ఎక్సెప్షన్ వచ్చింది, అయినా సగం డేటా సేవ్ అయింది

నేరుగా జేడీబీసీ వాడితే కారణం ఆటోకమిట్, అంటే ప్రతి క్వెరీనీ వెంటనే ఖాయం చేసే ఏర్పాటు. కొత్త కనెక్షన్‌లో అది ఆన్‌లోనే ఉంటుంది. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ వాడేవారికి కారణం వేరు. ట్రాన్సాక్షనల్ అని గుర్తుపెట్టిన మెథడ్ నుంచి రన్‌టైమ్‌ఎక్సెప్షన్ గాని ఎర్రర్ గాని బయటికి వస్తేనే స్ప్రింగ్ మొదటి ఏర్పాటులో రోల్‌బ్యాక్ చేస్తుంది; చెక్డ్ ఎక్సెప్షన్ (పట్టుకోవాలని లేదా ప్రకటించాలని కంపైలర్ పట్టుబట్టేది) వస్తే కమిట్ చేసేస్తుంది. ఫీజు చెల్లింపు విఫలమైందని చెప్పే మీ సొంత క్లాస్ నేరుగా ఎక్సెప్షన్ నుంచి పుట్టి ఉంటే, దాన్ని రన్‌టైమ్‌ఎక్సెప్షన్ నుంచి పుట్టించండి, లేదా రోల్‌బ్యాక్‌ఫర్‌లో దాని పేరు రాయండి. అది చేసినా మార్పు లేకపోతే, ఆ మెథడ్‌ను అదే క్లాసులోని మరో మెథడ్ పిలుస్తోందేమో చూడాలి. అలాంటి పిలుపు స్ప్రింగ్ మధ్యలో నిలిపే ప్రాక్సీ ఆబ్జెక్టు గుండా పోదు కనుక ట్రాన్సాక్షన్ అసలు మొదలే కాదు. ఆ మెథడ్‌ను వేరే క్లాసులోకి మార్చాలి.