ఎమ్‌మ్యాప్ కోడ్‌ను సర్దే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

లినక్స్ కెర్నెల్ ఫైల్‌సిస్టమ్ పొరలో మెమరీ మ్యాపింగ్ (ఎమ్‌మ్యాప్, అంటే ఫైల్‌ను ప్రోగ్రామ్ మెమరీలో భాగంగా కనిపించేలా చేసే పద్ధతి) కోడ్‌ను శుభ్రం చేయబూనినప్పుడు, చూడగానే చిక్కుగా అనిపించే భాగాలకంటే, అనవసరంగా ఉన్నట్టు కనిపించే ఒకటి రెండు వరుసలకే ఎక్కువ భయపడాలి. అదే తనిఖీని రెండోసారి చేస్తున్న వరుస ఏ థ్రెడ్ నుంచి కాపాడుతోందో తేలేంతవరకు దాని జోలికి వెళ్లకూడదు.

పేజ్_ఎంకేరైట్ ఫంక్షన్‌నే చూడండి. షేర్డ్ మ్యాపింగ్‌లో అప్పటిదాకా చదవడానికే అనుమతి ఉన్న పేజీలో ప్రోగ్రామ్ రాయబోతే ఫాల్ట్ (ప్రాసెసర్ ఆ పనిని ఆపి కెర్నెల్‌కు అప్పగించే స్థితి) వస్తుంది, అప్పుడు కెర్నెల్ ఈ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఫోలియో (ఒకటి లేదా కొన్ని పేజీల కట్ట) చేతికి అందినా, దాని లాక్ తీసుకున్న తర్వాత అది ఇంకా ఈ ఫైల్ మ్యాపింగ్‌కే చెందుతోందా, ఫైల్ పరిమాణం లోపలే ఉందా అని మళ్లీ చూడాలి. ఎందుకంటే లాక్ కోసం ఆగిన ఆ కాస్త వ్యవధిలోనే మరో ప్రాసెస్ ఫైల్‌ను ట్రంకేట్ చేసి (కత్తిరించి చిన్నది చేసి) ఉండవచ్చు. ఆ తనిఖీ తీసేస్తే ఫైల్‌తో సంబంధం తెగిన పేజీని డర్టీగా (డిస్క్‌కు రాయవలసినదిగా) గుర్తించడమో, ఫైల్ చివర దాటిన చోట బ్లాకులు కేటాయించడమో జరగవచ్చు. పని సవ్యంగా ముగిస్తే ఈ ఫంక్షన్ సాధారణంగా ఫోలియో లాక్‌ను విడవకుండానే, ఆ సంగతి తెలిపే విలువతో తిరిగి వస్తుంది. ఇది మరుపు కాదు, పిలిచినవారితో ఉన్న ఒప్పందం. కనుక అక్కడ అన్‌లాక్ చేర్చి "సరిదిద్దకూడదు".

లాక్‌ల వరుస అంతకంటే సున్నితమైనది. రైట్ సిస్టమ్ కాల్ ఐనోడ్ లాక్ (ఆ ఫైల్‌కు చెందిన లాక్) పట్టుకుని ఉండగా యూజర్ బఫర్‌పై ఫాల్ట్ రావచ్చు, అప్పుడు ఎమ్‌మ్యాప్ లాక్ (ప్రాసెస్ మెమరీ మ్యాపింగ్‌లను కాపాడే లాక్) కావలసి వస్తుంది. అందువల్ల ఎమ్‌మ్యాప్ లాక్ కింద నడిచే కోడ్‌లో ఐనోడ్ లాక్ తీసుకుంటే డెడ్‌లాక్‌కు (ఇద్దరూ ఒకరి లాక్ కోసం మరొకరు ఎదురుచూస్తూ నిలిచిపోవడానికి) దారి తీసినట్టే. ట్రంకేట్‌కూ ఫాల్ట్‌కూ మధ్య రక్షణ కోసం 2021లో వచ్చిన 5.15 కెర్నెల్ నుంచి ఉమ్మడి ఇన్వాలిడేట్ లాక్ ఉంది. కొత్తగా సొంత లాక్ కల్పించే ముందు అది సరిపోతుందేమో చూడాలి.

2025లో వచ్చిన 6.16 కెర్నెల్‌తో పరిచయమైన ఎమ్‌మ్యాప్_ప్రిపేర్‌కు (పాత ఎమ్‌మ్యాప్ ఫంక్షన్ స్థానంలో వాడే కొత్త ఫంక్షన్‌కు) తమ కోడ్‌ను మారుస్తున్నవారికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఆ పిలుపు నాటికి వీఎంఏ (ఒక మ్యాపింగ్ వివరాలను కెర్నెల్ దాచుకునే నిర్మాణం) ఇంకా తయారుకాదు, పైగా ఆ మ్యాపింగ్ పక్కనున్న వీఎంఏలో కలిసిపోవచ్చు కూడా. కాబట్టి పాత ఎమ్‌మ్యాప్ ఫంక్షన్‌లో రెఫరెన్స్ లెక్క పెంచే పని ఉంటే, దాన్ని యథాతథంగా ఇక్కడికి తరలిస్తే, వీఎంఏ తొలగినప్పుడు ఆ లెక్క తగ్గించే క్లోజ్ ఫంక్షన్‌తో లెక్క కుదరదు.

పేర్ల మార్పునూ ప్రవర్తన మార్పునూ ఒకే ప్యాచ్‌లో కలపకండి. కలిపితే తర్వాత బైసెక్ట్ చేసేవారికి (ప్యాచ్‌లను సగాలుగా విడదీస్తూ తప్పు తెచ్చినదాన్ని వెతికేవారికి) తప్పు ఎక్కడ పుట్టిందో దొరకదు. లాక్‌డెప్ (లాక్‌ల వరుసలో తప్పులు పట్టే కెర్నెల్ సాధనం) ఆన్ చేసిన కెర్నెల్‌పై ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ (ఫైల్‌సిస్టమ్ పరీక్షల సముదాయం) నడపండి. ఫైల్‌సిస్టమ్ అనుమతిస్తే, 4096 బైట్ల పేజీ ఉన్న యంత్రంలోనే 1024 బైట్ల బ్లాకులతో మరోసారి నడపండి, ఎందుకంటే ఫైల్ చివరి పేజీలో కొన్ని బ్లాకులే కేటాయించి ఉండే స్థితి అప్పుడే పరీక్షకు వస్తుంది.